ఇంట్లో ఉంచిన కాపీ

మూడోసారి! కోడలు ల్యాప్‌టాప్ ముందు కొయ్యబారిపోయింది. పొయ్యి మీద పాలు పొంగి గట్టంతా పారుతున్నా ఆమెకు తెలియలేదు. తెర మీద పరుపుల దుకాణం వారి వెబ్‌సైటు... నిన్నమొన్నటిదాకా పట్టించుకునే దిక్కులేక పడి ఉన్న సైటు! ఇవాళ మొదటి పేజీ శీర్షిక మారిపోయింది. తెరుచుకోవడానికి యుగాలు పట్టే ఫొటోలు ఇట్టే కనిపిస్తున్నాయి. దుకాణం ఎన్నింటికి తెరుస్తారు, బండి ఎక్కడ ఆపుకోవాలి, పాత పరుపు వెనక్కి తీసుకుంటారా అంటూ కొనేవాళ్ళు అడిగే పదకొండు ప్రశ్నలకూ జవాబులతో కొత్త పేజీ వెలిసింది. పదకొండూ ఆమె ప్రపోజల్‌లో రాసినవే! ఆమె రాసిన వరుసలోనే!

"ఇప్పుడొద్దులెండి మేడమ్. మీరు పంపింది అసలు తెరవనే లేదు" అని ఆ దుకాణం ఆయన ఫోన్లో చెప్పి మూడు వారాలు కాలేదు. అంతకుముందు టైల్స్ దుకాణం ఆయనా అలాగే అన్నాడు, ట్యూషన్ సెంటరు ఆవిడా అలాగే అంది. వాళ్ళ సైట్లూ ఇలాగే మారాయి. మరి తెరవని కాగితంలోని మాటలు కాళ్ళొచ్చి నడిచి వెళ్ళాయా?

ఎవరైనా ఫోన్లో 'దగ్గర్లో మంచి పరుపులు' అని వెతికితే ముందు ఏ దుకాణం కనబడాలన్నది ఆమె చూసే పని. ఎస్ఈఓ కన్సల్టెంటు అంటారు. ఆరేళ్ళు ఒక కంపెనీలో చేసి, పైవాళ్ళతో పడలేక మానేసి, ఇంట్లోనే సొంతంగా మొదలుపెట్టింది. ఏడాదిలో నిలదొక్కుకోకపోతే మళ్ళీ ఆ కంపెనీ గడప తొక్కుతానని మొగుడికి మాటిచ్చింది కూడాను. సొంతంగా చేసేవాళ్ళకు ప్రపోజలే ప్రాణం. మీ సైటుకున్న జబ్బేమిటి, నేనేం చేస్తాను, ఎన్నాళ్ళలో ఫలితం కనబడుతుంది అని రాసి పంపాలి. అది నచ్చితేనే పని. లేదంటే ఈగలు తోలుకోవడమే!

ఆ ఇంట్లో ప్రపోజల్‌కి ఒక పద్ధతి ఉంది. పంపే ముందు అత్తగారికి చదివి వినిపించాల్సిందే. ముప్ఫై రెండేళ్ళు బడిలో పాఠాలు చెప్పిన మనిషి ఆవిడ. మావగారు పోయాక ఏడాదిపాటు గోడవైపు తిరిగి పడుకున్న ఆ మనిషి, ఒకరోజు కోడలు ఊరికే ఒక ప్రపోజల్ పైకి చదువుకుంటూ ఉంటే విని లేచి కూర్చున్నారు. "ఇదేం రాతే అమ్మాయ్! ఎలా చేస్తావో చెప్పకుండా చేస్తాను చేస్తానంటే ఎవరు నమ్ముతారు? నాకర్థం కాకపోతే కొట్టు పెట్టుకున్నవాడికీ అర్థం కాదు. విడమర్చి రాయి!" అన్నారు. అంతే... అప్పట్నుంచి కోడలు ప్రింటు తీసి వంటింటి బల్ల దగ్గర చదవడం, ఆవిడ కళ్ళజోడు సర్దుకుని ఎర్ర పెన్నుతో దిద్దడం! అలా దిద్దిన కాగితాలు బల్ల సొరుగులోనే ఉండేవి. తాళం వేయాలన్న ఆలోచన ఎవరికొస్తుంది, సొంత ఇంట్లో!

ఇప్పుడొచ్చింది. ఇంట్లో ఉన్నది నలుగురు. మొగుడా? కొరియర్ ఆఫీసు నుంచి వచ్చి సోఫాలో వాలితే ఆ కాగితాలు నెత్తిన పెట్టినా చూడడు. అత్తగారా? ఛ! ఇక మిగిలింది ఆడపడుచు... పిచ్చుక!

గలగలమంటూ ఇల్లంతా తిరుగుతుందని చిన్నప్పుడు పెట్టిన పేరు. పెళ్ళి పెటాకులై రెండేళ్ళ క్రితం ఒక్క సూట్‌కేసుతో ఈ గడపలోకి వచ్చినప్పుడు, ఎదురెళ్ళి ఆ సూట్‌కేసు అందుకున్నది కోడలే. "ఇది నీ ఇల్లే, ఎవరేమన్నా నేనున్నాను" అన్నదీ కోడలే. కానీ... ఆ పిల్ల ఈమధ్యే వెబ్‌సైట్లు తయారుచేసే ఒక చిన్న ఆఫీసులో చేరింది. ఈమధ్యే తనను చూడగానే ఫోను పక్కన పెట్టేస్తోంది. మొన్న తను స్నానాలగదిలోంచి వస్తూ ఉంటే, ఆ పిల్ల ఫోన్లో టైల్స్ దుకాణం మాటేదో మాట్లాడటం వినబడింది. ఏమిటమ్మా అని అడిగితే "ఏం లేదు వదినా" అంటూ ముఖం తిప్పుకుంది. అప్పుడు పట్టించుకోలేదు గానీ, ఇప్పుడు తలుచుకుంటే గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టుంది!

అనుమానం పట్టుకున్నాక అది మనిషిని కుదురుగా కూర్చోనిస్తుందా? పిచ్చుక నవ్వితే తనను చూసే నవ్విందనిపించేది. అన్నం వడ్డిస్తే వినయం ఎక్కువైందనిపించేది. ఒకరోజు ఆఫీసు నుంచి వస్తూ "నీకు నడుం నొప్పి కదా వదినా" అని కుర్చీలోకి దిండు కొనుక్కొస్తే, ఈ ప్రేమ దేనికో అని తిప్పి తిప్పి చూసింది. తనమీద తనకే అసహ్యం వేసింది... అయినా దిండును మాత్రం తడిమి చూసింది!

అప్పుడే పళ్ళ డాక్టరు గారి క్లినిక్ నుంచి ప్రపోజల్ అడిగారు. కోడలు బాగా ఆలోచించి రెండు కాపీలు రాసింది. క్లినిక్‌కి పంపినదాంట్లో, పిల్లల పేజీకి 'పిల్లల పళ్ళకు భయం లేని వైద్యం' అని శీర్షిక పెట్టమంది. ఇంట్లో ఉంచినదాంట్లో అదే చోట 'చిన్నారుల దంతాలకు నొప్పి తెలియని చికిత్స' అని రాసింది. సైటు మీద రెండోది కనబడిందా, దొంగ ఇంట్లోనే ఉన్నట్టు! పైగా ఆ ఇంటి కాపీనే అత్తగారికి చదివి వినిపించింది. "చికిత్స ఎందుకే, వైద్యం అంటే నోరు తిరుగుతుంది కదా" అని ఆవిడ దిద్దబోతే, "ఉండనివ్వండత్తయ్యా" అని కాగితం లాక్కుంది. ఆవిడ చిన్నబుచ్చుకున్నారు.

పది రోజులు రోజుకు పదిసార్లు క్లినిక్ సైటు తెరిచి చూసింది. మార్పు లేదు. వాళ్ళ నుంచి "ఇప్పుడొద్దులెండి" అని మాత్రం వచ్చింది. పదకొండో రోజు పొద్దున, పిచ్చుక జడ వేసుకుంటూ ఉంటే బల్ల మీద ఉన్న ఫోను మోగింది. తెర మీద పేరు కోడలి కంట పడనే పడింది. పళ్ళ డాక్టరు రిసెప్షన్!

అంతే, ఇక ఆగలేకపోయింది.

"ఎవరది? పళ్ళ డాక్టరుతో నీకేం పని? నీ పళ్ళు నిక్షేపంలా ఉన్నాయిగా!"

పిచ్చుక ముఖం పాలిపోయింది. "వదినా... అది... ఊరికే..."

"ఊరికేనా! టైల్స్ వాడికీ ఊరికే చేశావా? నా సొరుగులో కాగితాలు మీ ఆఫీసుకు మోశావా లేదా? చెప్పు! నా నోటి దగ్గర కూడు లాక్కోవడానికి నేనే దొరికానా నీకు? నువ్వొచ్చిననాడు నీ సూట్‌కేసు అందుకున్న చేతులే ఇవి!"

"అమ్మాయ్! ఏమిటా మాటలు?" అంటూ అత్తగారు గడపలోకి వచ్చి నిలబడ్డారు.

పిచ్చుక నోరు తెరిచింది. ఏదో చెప్పబోయింది. తల్లి ముఖంలోకి చూసింది... నోరు మూసుకుంది. కళ్ళ నిండా నీళ్ళు! "నన్నేం అడక్కు వదినా. నేను తియ్యలేదు. అంతకన్నా చెప్పలేను" అంది.

"చెప్పలేవా? చెప్పలేనివాళ్ళతో ఒక కప్పు కింద నేనుండలేను!"

ఆ మాట ఎంత దూరం పోతుందో అనేటప్పుడు తెలియలేదు. పిచ్చుక సగం వేసిన జడతోనే లోపలికి వెళ్ళింది. అదే సూట్‌కేసు బయటికొచ్చింది. "ఆఫీసు పక్కనే హాస్టలుందమ్మా, భయం లేదు" అని తల్లి భుజం నిమిరి, వదిన వైపు చూడకుండా మెట్లు దిగిపోయింది. అత్తగారు ఆ పూట అన్నం ముట్టలేదు. సాయంత్రం వచ్చిన మొగుడు సంగతంతా విని, "నీ కళ్ళతో చూశావా?" అని ఒక్కటే అడిగాడు.

మర్నాడు మధ్యాహ్నం క్లినిక్ సైటు మారింది. కోడలు పిల్లల పేజీ తెరిచింది. పెద్ద అక్షరాలు... 'పిల్లల పళ్ళకు భయం లేని వైద్యం'!

క్లినిక్‌కి పంపిన కాపీ! ఇంట్లో ఉంచింది కాదు! ఇంట్లోంచి ఒక్క అక్షరం బయటికి పోలేదు. మరి పిచ్చుక...? ఆమె అప్పటికప్పుడు క్లినిక్‌కి ఫోన్ చేసింది. రిసెప్షన్‌లో ఉండే అమ్మాయి గొంతు హుషారుగా పలికింది.

"మీరేనా మేడమ్! ఎంత బాగా రాశారండీ! ఏ మీట నొక్కాలో కూడా రాశారు కదా, డాక్టరుగారు 'ఇంత వివరంగా ఉంటే ఇంకొకరెందుకు, నువ్వే చేసెయ్' అన్నారు. నాకేం రాదండీ, అయినా రెండు పూటల్లో అయిపోయింది! పాపం, మీ ఆడపడుచుగారు మాత్రం మూడుసార్లు అడిగారు. 'మా వదిన రాసింది వాడుకునేటట్టయితే మా వదిననే పిలవండి, ఇప్పటికే ముగ్గురు ఇలా చేశారు, ఆవిడ కష్టం పోతోంది' అని బతిమాలారండీ. నిన్న పొద్దున నేనే ఆవిడకి ఫోన్ చేశాను, డాక్టరుగారు ఒప్పుకోలేదని చెబుదామని. ఆవిడ ఎత్తలేదు..."

ఇంకేం వినబడలేదు కోడలికి. ఎవరూ దొంగిలించలేదు! తానే పళ్ళెంలో పెట్టి ఇచ్చింది! తెరవలేదన్నవాళ్ళు తెరిచారు, చదివారు, చక్కగా చేసుకున్నారు. జబ్బు చెప్పాల్సిన చోట మందు తయారుచేసే విధానమంతా రాసి పంపింది తను! నేరం మోపింది మాత్రం, తన తరఫున ఊరంతా బతిమాలుతూ తిరిగిన పిల్ల మీద...

చెప్పులు ఏ కాలికేది వేసుకుందో తెలియకుండా పిచ్చుక ఆఫీసుకు పరుగెత్తింది. ఆ ఆఫీసు రెండు గదులంత ఉంది. పిచ్చుక గోడవారగా కూర్చుని ఎవరి దుకాణానివో ఫొటోలు సర్దుతోంది. వదినను చూసి చటుక్కున లేచి నిలబడింది, పై ఆఫీసరును చూసినట్టు!

"నన్ను చెంపదెబ్బ కొట్టవే పిచ్చుకా! ఒక్క మాట చెబితే ఏం పోయేది? వాళ్ళే చేసుకుంటున్నారు వదినా అంటే సరిపోయేది కదా!"

పిచ్చుక మెల్లిగా అంది. "ఎలా చెప్పను వదినా? ఇంత విడమర్చి రాయమని చెప్పిందెవరు? అమ్మ. ఆ రాతవల్లే నీ పని పోతోందని అమ్మ ఎదురుగా ఎలా అనను? నాన్న పోయాక అమ్మ నవ్వేది ఆ ఎర్ర పెన్ను పట్టుకున్నప్పుడే. నేనే వాళ్ళని ఒప్పించి ఒక్క పనైనా తెప్పిస్తే, తర్వాత నీకు విడిగా చెబుదామనుకున్నాను..."

కోడలు ఆ పిల్లను కావలించుకుని, చూసేవాళ్ళు చూస్తున్నారన్న స్పృహ లేకుండా భోరుమంది. "పద ఇంటికి! నువ్వు రాకపోతే నేనూ నీ హాస్టల్లోనే ఉంటాను!"

"ఇద్దరికీ ఒక మంచం చాలదు వదినా, నీకసలే నడుం నొప్పి" అంది పిచ్చుక కన్నీళ్ళలోనే నవ్వుతూ. సూట్‌కేసు ఇంటికి వచ్చింది. ఏదో పొరపాటు పడ్డానని కోడలు అత్తగారికి చెప్పి ఊరుకుంది. అసలు సంగతి ఆవిడ చెవిన పడకూడదని వదినా ఆడపడుచులు ఒట్టేసుకున్నారు.

ఆ వారమే ఒక పూల దుకాణానికి ప్రపోజల్ రాయాల్సి వచ్చింది. ఈసారి జబ్బేమిటో రాసింది, ఫలితమేమిటో రాసింది, ఎలా చేస్తానన్నది దాచుకుంది. ఎప్పటిలాగే బల్ల దగ్గర చదివింది. అత్తగారి పెన్ను గాలిలో ఆగిపోయింది.

"ఎలా చేస్తావో రాయలేదేం?"

కోడలు పిచ్చుక వైపు చూసింది. పిచ్చుక చప్పున కిటికీ వైపు చూసింది. ముప్ఫై రెండేళ్ళు వెనక బెంచీల మీద ఇలాంటి చూపులు పట్టుకున్న మనిషి దగ్గరా ఈ దొంగచూపులు! ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"పరీక్ష పెట్టేటప్పుడు ప్రశ్నపత్రంతో పాటు జవాబులు కూడా పంచిపెట్టే పంతులమ్మ ఉంటుందా?" అన్నారు. "నేను నీ చేత అదే చేయించాను కదే..."

"అత్తయ్యా, అలా అనకండి! రాసింది నేను..."

"నువ్వుండు. నా కూతురు ఆ రోజు నా మొహం చూసి నోరు మూసుకుంది. ఎందుకు చూసిందా అని ఆలోచిస్తూనే ఉన్నాను, ఇప్పుడర్థమైంది." ఆవిడ కూతురి రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నారు. "నా సరదా నిలబెట్టడానికి దొంగ అనిపించుకున్నావా తల్లీ! తల్లి బాధపడితే పడుతుంది, ఏడిస్తే ఏడుస్తుంది. నీ గూడు పోగొట్టుకుంటావా, పిచ్చిదానా!"

ముగ్గురూ ఏడ్చారు. ఏడ్చి ఏడ్చి తేలికపడ్డారు. పూల దుకాణం ప్రపోజల్ అత్తగారే మళ్ళీ మొదట్నుంచి చదివి, ఇంకా రెండు వాక్యాలు కొట్టేశారు. "వీటితోనూ వాడు పని కానిచ్చేసుకోగలడు" అన్నారు. నాలుగో రోజు ఆ దుకాణం వాళ్ళు ఫోన్ చేసి, ఎప్పుడు మొదలుపెడతారని అడిగారు! ఇల్లంతా పండగయింది. మొగుడు కూడా సోఫాలోంచి లేచాడు.

అంతా బాగానే ఉంది. పిచ్చుక మళ్ళీ గలగలమంటోంది. కానీ ఒక్కటి మాత్రం కొత్తగా వచ్చింది. ఫోను మోగితే చాలు, ఎత్తే ముందు ఆ తెరను వదిన వైపు తిప్పి, "నా స్నేహితురాలు వదినా" అంటుంది. "ఆఫీసు నుంచి వదినా" అంటుంది. "ఎవరో కొత్త నంబరు వదినా, చూడు" అంటుంది. ఎవరూ అడగరు. అయినా చెబుతుంది.

ఒకరోజు కోడలు ఉండబట్టలేక, "ఎవరని నేనడిగానా తల్లీ? నాకెందుకు చెబుతావ్?" అంది.

పిచ్చుక ముఖంలో కోపం లేదు, నిష్ఠూరం అసలే లేదు. "నువ్వడగవు వదినా. కానీ ముందే చెప్పేస్తే నీ మనసు నిమ్మళంగా ఉంటుందిగా" అని నవ్వుతూ వెళ్ళిపోయింది.

కోడలు పంపు విప్పి, కడిగిన గిన్నెలనే మళ్ళీ కడుగుతూ నిలబడిపోయింది.