కట్టు విప్పిన రోజు

"ఆ ఎర్ర గీత కనిపిస్తోందాండీ?"

"కనిపిస్తోంది."

"మరి దాని మీద నిలబడి ఏం చేస్తున్నారు?"

నిలబడ్డానో గాల్లో తేలుతున్నానో నాకే తెలీదు. ఆరేళ్ళు ల్యాబులో కుస్తీ పట్టి నేను తయారుచేసిన కట్టు ఆ రోజే మొదటిసారి మనిషి ఒంటి మీదికి ఎక్కింది. కాలిన గాయాల వార్డులోకి దూరి ఒక్కసారి చూసొద్దామని వెళ్తే, స్కేలూ మార్కరూ పట్టుకుని ఈ నర్సు అడ్డం పడింది.

"నేనేనండీ, ఆ కట్టు చేసింది నేనే!"

"అయితే మీరు అసలే రాకూడదు. చదువుకున్నవాళ్ళేనా మీరు? బయటికి నడవండి."

తలుపు నా ముక్కు మీదే పడింది. అంత అవమానంలోనూ ఆమె కళ్ళు ఎంత పెద్దవో గమనించానంటే, నా సంగతి మీరే అర్థం చేసుకోండి.

తర్వాత పెద్ద డాక్టరుగారు పిలిచి గడ్డిపెట్టారు. పరీక్ష ముప్ఫై మంది మీద. ఒక్కొక్కరికీ రెండు చోట్ల కాలి ఉంటుంది. ఒక గాయానికి నా కట్టు, ఇంకోదానికి మామూలు గాజుగుడ్డ. వేరే నర్సు రెండూ విప్పి శుభ్రం చేసి వెళ్ళాక, ఈవిడ వచ్చి గాయం మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం ఆనించి, అంచు వెంట గీత గీసి, ఫొటో తీసి, ఎంత మానిందో కొలుస్తుంది. ఏ గాయానికి ఏ కట్టు వేశారో ఆవిడకి తెలియకూడదు. కాబట్టి కట్టు గురించి నేను ఆవిడతో ఒక్క ముక్క కూడా మాట్లాడకూడదు.

ఒక్క ముక్క! నిద్రలో కూడా దాని గురించే కలవరించేవాణ్ణి నేను.

మర్నాడు జోరున వర్షం. కట్ల పెట్టె ఇచ్చి వస్తుంటే వరండాలో కాఫీ మిషన్ దగ్గర తనే ఉంది. మిషన్ కప్పు వెయ్యకుండా మొరాయిస్తోంది. ఒక్క చరుపు చరిచింది. కప్పు పడింది.

"మనుషుల్ని కూడా ఇలాగే దారికి తెస్తారా?" అన్నాను.

"మనుషులకైతే రెండు పడతాయి. నిన్నటి కోపం తగ్గిందా, కట్ల బాబుగారూ?"

"కట్ల బాబా?"

"వార్డంతా అలాగే అంటున్నారు. పేరు పెట్టింది నేనేలెండి."

"మరి మిమ్మల్ని నేనేమని పిలవాలి?"

"అందరూ సిస్టర్ అంటారు."

"అందరి సంగతి నాకెందుకండీ? నేను మాత్రం ఛస్తే అనను!"

తనకి కాఫీ పొలమారింది. నేను కిటికీలోంచి వర్షం చూస్తున్నట్టు నటించాను.

అలా అయిదు నెలలు. వానల గురించి, వంకర నడకల లిఫ్టు గురించి, తనకి చిన్నప్పుడు లెక్కల్లో వచ్చిన సున్నా గురించి మాట్లాడుకున్నాం. కట్టు గురించి మాత్రం లేదు. నోరు తెరిచినప్పుడల్లా తను వేలు చూపించేది, నేను నోరు మూసుకునేవాణ్ణి. అసలు ఆ కట్టు ఎందుకు చేశానో చెప్పాలని ప్రాణం కొట్టుకునేది.

నా బదులు మా చెల్లి చెప్పేసింది. నేను మర్చిపోయిన లంచ్ బాక్స్ ఇవ్వడానికి వచ్చింది మహాతల్లి. దాని నోట్లో నువ్వుగింజ నానదు.

"స్కేలుగారంటే మీరేనా? ఇంట్లో పొద్దస్తమానం మీ జపమే!" అంటూనే చెప్పు విడిచి పాదం చూపించేసింది. "నాకు నాలుగేళ్ళప్పుడు మరిగే నీళ్ళు పడ్డాయి. కాలిన మంటైనా నయమే. రోజూ ఆ గుడ్డ తీస్తారు చూడండీ, పుండుకి అతుక్కుపోయి కొత్త తోలుతో సహా ఊడొచ్చేది. లోపల నేను అరుస్తుంటే, తలుపు బయట అన్నయ్య ఏడ్చేవాడట. అంటుకోని కట్టు చేస్తానని అప్పుడే నాకు ఒట్టేశాడు."

"ఆపవే తల్లీ! ఆవిడకి చెప్పకూడదు!" అని దాని నోరు మూశాను. అప్పటికే ఆలస్యమైంది.

తను ఆ పాదం వంక చూసింది, నా వంక చూసింది, కాఫీ అక్కడే వదిలేసి గబగబా వెళ్ళిపోయింది.

మర్నాడు వార్డులో స్కేలు పట్టుకుని ఒక మీసాలాయన కనిపించాడు. నా పైప్రాణాలు పైనే పోయాయి. పరీక్ష పాడుచేశామని తను అలిగి వెళ్ళిపోయిందనుకున్నాను. ఇంతలో పెద్ద డాక్టరుగారి నుంచి పిలుపు.

"నా నర్సుకీ నీకూ ఏమిటోయ్ సంబంధం?"

"అబ్బెబ్బే, ఏమీ లేదండీ!"

"ఆవిడ ఉందంటోందే?"

ఒక కాగితం నా ముందుకి తోశారు. పరీక్షలో కొలతలు తీసేవాళ్ళు నింపివ్వాల్సిన ఫారం అది. 'వస్తువు తయారుచేసినవారితో మీకు ఏదైనా సంబంధం ఉందా?' అన్న దగ్గర 'ఉంది' అని టిక్కు పెట్టింది. 'ఎలాంటిది?' అన్న దగ్గర ముత్యాల్లాంటి అక్షరాలతో ఇలా రాసింది: 'ప్రేమ. ఆయనకి ఇంకా చెప్పలేదు. ఆయన కట్టే గెలవాలని కోరుకునే మనసుతో నేను స్కేలు పట్టుకోకూడదు.' 'ఎప్పటి నుంచి?' అంటే, 'నిన్నటి నుంచి.'

మూడుసార్లు చదివాను. నాలుగోసారికి కుర్చీ వెనక్కి పడిపోయింది. నేను లేచి నిలబడ్డానని అప్పుడు తెలిసింది.

"ముందు కూర్చో," అన్నారాయన. "ఆవిడ నిన్నటి నుంచే అంది కాబట్టి అంతకుముందు కొలిచిన ఇరవై ఆరు మంది లెక్క ఖాయం. మిగిలిన నలుగురినీ కొత్తాయన కొలుస్తాడు. నీకూ ఇష్టమైతే నువ్వూ ఇదే ఫారం నింపు. నిన్నటి తేదీ వేస్తే చాలు."

'ఉంది' అని కొండంత అక్షరాలతో రాశాను. తేదీ దగ్గర కలం ఆగింది.

నాకు నిన్నటి నుంచి కాదు. తలుపు ముక్కు మీద పడిన రోజు నుంచి. ఆ తేదీ రాస్తే తన కొలతలన్నీ అనుమానంలో పడతాయి. బయటి మనిషెవరో ఫొటోలన్నీ మళ్ళీ కొలవాలి. లెక్క తేడా వస్తే నా ఆరేళ్ళ కష్టం గంగలో కలుస్తుంది, చెల్లికిచ్చిన మాటతో సహా. నిన్నటి తేదీ వేస్తే అడిగేవాడు లేడు. కానీ నిజం కోసం స్కేలు కింద పెట్టేసిన పిల్ల ముందుకి దొంగ తేదీతో ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?

మొదటి రోజు తేదీయే వేశాను. డాక్టరుగారు తల పట్టుకున్నారు.

సాయంత్రానికల్లా వరండాలో నా మీద పిడుగు పడింది.

"మొదటి రోజా? నాచేత తిట్లు తిన్న రోజా? బుద్ధుందా మీకు?"

"నిజం అదేనండీ."

"నా కొలతలు తేడా వస్తే?"

"రావు. మీ చెయ్యి మీద నాకు నమ్మకం."

"నాకు లేదు! భయంగా ఉంది. ఆ పిల్ల పాదమే కళ్ళముందు కదుల్తోంది. నా వల్ల అంతా పాడైతే?" ఆ పెద్ద కళ్ళు నిండిపోయాయి.

"పాడైతే ఇద్దరం కలిసి మళ్ళీ మొదలుపెడదాం."

"ఇద్దరమా?"

"మీరే కదా, కాగితమ్మీద రాసిచ్చారు!"

ఏడుస్తూనే నవ్వేసింది. చేతిలో ఫైలుతో నా భుజం మీద ఒకటి వేసింది, ఆగి ఇంకోటి వేసింది.

ఆ తర్వాత ఆరు వారాలు ఎలా గడిచాయో అడక్కండి. వేరే ఊరి డాక్టరు, మా ఇద్దరి మొహాలూ ఎరగనాయన, ఫొటోలన్నీ మళ్ళీ కొలిచి పంపాడు. పెద్ద డాక్టరుగారు కవరు చించి, కళ్ళద్దాలు సవరించుకుని, మా సహనం మొత్తం పరీక్షించి, అప్పుడు చదివారు. తన కొలతకీ ఆయన కొలతకీ ఎక్కడా ఒక మిల్లీమీటరుకి మించి తేడా లేదు. నా కట్టు వేసిన గాయాలు నాలుగు రోజులు ముందే మానాయి. విప్పేటప్పుడు నొప్పి పదికి ఏడు ఉన్నది రెండుకి దిగింది.

"నాలుగు రోజులా!" అని తను అరిచిన అరుపుకి పక్క గదిలోవాళ్ళు పరిగెత్తుకొచ్చారు.

వార్డులో ఆ కట్టు వాడటానికి అనుమతి వచ్చాక, మొదటిది చెయ్యి కాలిన ఒక వెల్డింగ్ మేస్త్రికి వేశారు. ఆరడుగుల మనిషి. వేరే ఆస్పత్రిలో రెండుసార్లు గుడ్డ పీకించుకుని వచ్చాడు. కట్టు విప్పే రోజు తను నాకు గౌనూ మాస్కూ తొడిగించి లోపలికి తీసుకెళ్ళింది. ఇన్నాళ్ళూ అంతా విప్పాకే వచ్చేది కాబట్టి, ఆ కట్టు ఎలా ఊడుతుందో తనూ చూడలేదు, నేనూ చూడలేదు. మేస్త్రి మంచం కమ్మీ రెండోచేత్తో బిగించి పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

తను కట్టు మూల పట్టుకుని మెల్లగా లేపింది. ఎక్కడా పట్టెయ్యలేదు. మొత్తం ఒక్క ముక్కగా లేచి వచ్చింది. కింద లేత గులాబీ రంగు కొత్త చర్మం. చెక్కు చెదరలేదు.

"మొదలుపెట్టే ముందు చెప్పు తల్లీ," అన్నాడు మేస్త్రి కళ్ళు తెరవకుండానే. "నేను కాస్త ధైర్యం తెచ్చుకోవాలి."

"తీసేశాను బాబాయ్."

ఒక కన్ను తెరిచాడు. చెయ్యి చూసుకున్నాడు, ట్రేలో ఉన్న కట్టు చూశాడు. అంత మనిషీ చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. నా పరిస్థితి కూడా అంతకంటే మెరుగ్గా లేదు.

గ్లోవ్స్ ఉన్నాయని తను కళ్ళు తుడుచుకోలేదు. నీళ్ళు మాస్కులోకి కారిపోతుంటే నా వైపు తిరిగింది.

"రేపు సాయంత్రం మా ఇంటికి రండి. అమ్మానాన్నలతో మాట్లాడాలి. మీ చెల్లెల్ని కూడా తీసుకురండి."

"దాని నోరు మీకు తెలీదు..."

"తెలిసే రమ్మంటున్నా. మీ గురించి మీకంటే తనే బాగా చెప్తుంది."

సరే అనాలి. ఆ ఒక్క మాట కోసం మాస్కు కిందికి లాగబోతే తను వేలు చూపించింది, నేను నోరు మూసుకుని తలూపాను.