అంటిన చిలుక

ఆ పూట చెంగల్రాయుడు ఎదురింటి కోదండం బట్టతల మీద తామరపువ్వు వేస్తున్నాడు. శ్రీకాళహస్తి మొత్తంలో వేసి చూడని చోటు అదొక్కటే మిగిలింది మరి. గుడ్డ మీద పట్టలేదు, గోడ మీద పట్టలేదు, కుండ మీద, అరిటాకు మీద, ఆఖరికి పడుకున్న గేదె వీపు మీద వేసినా రంగు పట్టలేదు. కోదండం తల మీద పువ్వు నాలుగు రేకులు విచ్చుకునేదాకా ఆగింది. ఆ తర్వాత ఏదో పని గుర్తొచ్చినట్టు చెవి పక్కనుంచి జారి, భుజం మీద ఒక్క క్షణం నిలబడి, కిందికి దూకేసింది. నేల కూడా దాన్ని ఉంచుకోలేదు. గడప దాటించి కాలవలోకి పంపేసింది.

"జారిపూడిసిందా?" అన్నాడు కోదండం తల తిప్పకుండా.

"పూడిసింది."

"నా తలకాయ మింద నా జుట్టే నిలవలే. నీ పువ్వు నిలస్తాదా రాయుడూ."

ఇదంతా అంటనిపూత పుణ్యం. నలభై ఏళ్ల కిందట వచ్చింది. బియ్యపుగింజలో లక్షో వంతు మందమట, ఎవరు కొలిచారో వాళ్ల కళ్లకు దండం పెట్టాలి. దానికి బుర్ర కూడా ఉంది. దేన్ని దగ్గరికి రానివ్వకూడదో నేర్చుకుంటుంది, అరిగినచోట తనంతట తానే కొత్తగా పూసుకుంటుంది. మొదట ఆసుపత్రి మంచాలకు పూశారు, అంటురోగాలు పోయాయి. గిన్నెలకు పూశారు, అంట్లు తోమే పని పోయింది. తర్వాత బట్టలకు, గోడలకు, ఇనుముకు, పైరుకు, పశువుకు, చివరికి మనిషికి. బిడ్డ పుడితే పేరుకంటే ముందు పూత. కాకి సైతం రెట్ట వేయాలంటే సిగ్గుపడి పక్క మండలానికి పోయేది. సబ్బు అనే మాట ముసలవ్వల నోట్లో తప్ప వినిపించేది కాదు. 'ఇక ఏ అంటూ లేదు' అని పూతశాలవాళ్లు ఊరంతా అక్షరాలు మెరిపించారు.

చెంగల్రాయుడిది కలంకారీ ఇల్లు. చిన్నప్పటినుంచీ అతని వేళ్లు గోళ్లదాకా నల్లగా ఉండేవి. పూత వేయించుకోనని చాలా ఏళ్లు మొండికేశాడు. అయితే బస్సుకీ, బడికీ, ఆసుపత్రికీ వాకిట్లో మచ్చగంటలు పెట్టారు. ఒంటి మీద ఏది అంటి ఉన్నా ఆ గంట మోగుతుంది, తలుపు తెరుచుకోదు. పెళ్లాం ఆఖరి రోజుల్లో మంచం పక్కన కూర్చోవాలంటే అతనికి వేరే దారి లేకపోయింది. చేతులు చాపాడు. అన్నేళ్ల నలుపు ఒక్క గడియలో జారి పళ్లెంలో పడింది.

అది జరిగి పదకొండేళ్లు. అప్పటినుంచీ అతని చేతి గీత ఒక్కటీ ఎక్కడా నిలవలేదు. పోయేలోపల ఒక్క గీత, ఒక్కటంటే ఒక్కటి, పొద్దున లేచి చూస్తే వేసినచోటే ఉండాలి. అతనికి ఉన్న కోరిక అదే. అందుకోసం చింతగింజల జిగురు కలిపాడు, పనసకాయ పాలు కలిపాడు, కోడిగుడ్డు సొన కలిపాడు. పూత అన్నిటికీ మర్యాదగా దారి చూపించింది.

ఇక మిగిలింది కసిమి ఒక్కటే. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో ఇరవై రోజులు నానేస్తే వచ్చే నలుపు అది. కరక్కాయ రసం పూసినచోట దాన్ని పెట్టామంటే గుడ్డ చిరిగినా నలుపు వదలదని కలంకారీవాళ్ల పేరు. కానీ తుప్పేదీ? ఇనుమన్నదానికల్లా పూత ఉంది. లోకంలో మేకు తుప్పు పట్టి ముప్పై ఏళ్లయింది.

దారి చెప్పింది కూతురు ప్రసూన. ఇరవయ్యారేళ్ల పిల్ల, ఊరి అన్నశాలలో వడ్డన చేస్తుంది. పూత రాకముందు పోయిన ఇనుము మట్టిలోనే కదా ఉంటుంది అంది. తండ్రీకూతుళ్లు మూడు సెలవు దినాలు సువర్ణముఖి ఇసుక తవ్వారు. మూడో రోజున రెండు ఎద్దు లాడాలు దొరికాయి, తుప్పు తినేసి చిల్లులు పడినవి. చెంగల్రాయుడు వాటిని పసిబిడ్డ నెత్తి మూర్కొన్నట్టు మూర్కొన్నాడు.

ఇరవై ఒకటో రోజున కుండ మూత తీస్తే వాసన వీధి చివరిదాకా పోయింది. వాసన వద్దనడం పూతకు కూడా చేతకాదు. వెదురు కలం చెక్కి, దానికి గుడ్డపేలిక చుట్టి సిద్ధమయ్యాడు. కలంకారీవాడన్నవాడు కొత్త రంగును ముందు గుడ్డ మూలన ఒక చుక్క పెట్టి, ఒక రోజు ఆగి చూస్తాడు. అతని తాత నేర్పింది మొదట అదే. ప్రసూన మాత్రం జారిపోతున్న కొద్దీ మోచేతిదాకా కరక్కాయ రసం పూసుకుంటూ ఎదురుగా వచ్చి కూర్చుంది.

"గుడ్డ మింద తర్వాత ఏద్దువు నాయనా. ముందు నాకెయ్యి. అమ్మ కాళ్లకు పారాణి పెట్టుకునేదంట. నా ఒంటి మింద ఇంతవరకూ ఏదీ నిలవలే."

"ఇదీ జారిపోతాదిలే పాపా."

"జారిపోయేదాకన్నా చూసుకుంటా."

పదకొండేళ్లుగా జారిపోవడమే చూసినవాడికి నిలుస్తుందన్న భయం ఎక్కడినుంచి వస్తుంది? మణికట్టునుంచి మోచేతిదాకా తీగ లాగి, తీగ కొసన చిలుకను వేశాడు. ఇద్దరూ జారడం కోసం ఎదురుచూశారు. గీత ముందు టీ రంగులో ఉంది, చూస్తూ ఉండగానే నల్లబడింది. అన్నం తిన్నారు, చిలుక ఉంది. పొద్దున లేచారు, చిలుక ఉన్నచోటే ఉంది. చెంగల్రాయుడు కోదండం ఇంటికి పరిగెత్తి అతన్ని మంచం మీదనుంచి లేపుకొచ్చి మరీ చూపించాడు. ప్రసూన రవిక చెయ్యి పైకి మడుచుకుని నడుచుకుంటూ పనికి పోయింది.

అన్నశాల వాకిట్లో మచ్చగంట మోగింది. అక్కడ అది మోగగా విన్నవాళ్లు లేరు, ఏమి చప్పుడా అని అందరూ పైకి చూశారు. తర్వాత ఆమె చెయ్యి చూశారు. పెత్తందారు మంచివాడే. ఆమెది తప్పని ఎవరూ అనడం లేదనీ, రెండు రోజులు ఇంటి దగ్గరుంటే చాలనీ మెల్లగా చెప్పాడు, మూడు బారల దూరంనుంచి. బస్సు తలుపు తెరుచుకోలేదు. నడిచి వస్తుంటే వీధి ఆమెకు రెండుపక్కలా చీలి దారి ఇచ్చింది. తొంభై ఏళ్ల అవ్వ ఒకామె అరుగు మీదనుంచి కళ్లు చికిలించి చూసి, కాళ్లు పైకి ముడుచుకుంది.

"అంటు," అంది. "జరిగి నిలబడు మే."

ఆ మాటను మనిషి మీద వాడడం ఆ ఊరి పిల్లలకు తెలియదు. సాయంత్రానికి అందరికీ వచ్చేసింది.

పూతశాలవాళ్లు అద్దాల గది అవతలనుంచి చూసి సంగతి విప్పి చెప్పారు. లోకంలో తుప్పే లేనప్పుడు ఎందుకని, తుప్పు సంగతి పూతకు ఎవరూ నేర్పలేదట. కొత్త చుట్టం వచ్చిందనుకుని అది కసిమిని తనలో కలిపేసుకుంది. రోజూ కొత్తగా పూసుకునేటప్పుడు చిలుకను కూడా కలిపి పూసుకుంటోంది. నిమ్మకాయ పిండితే రసం జారిపోయింది. ఇటుకపొడి పెట్టి రుద్దితే పొడి జారిపోయింది. దేన్నీ అంటనివ్వని పూత ఇప్పుడు ఆ చిలుకకు కాపలా కాస్తోంది. పూత ఊడదీసే విద్య వాళ్ల దగ్గర లేదు. అలా ఎవరన్నా అడుగుతారని అనుకోలేదన్నారు.

రెండు రోజులు నెలైంది. కోదండం వీధి అవతలినుంచే పలకరిస్తున్నాడు. కుండలో కసిమి సగం అలాగే ఉంది. చెంగల్రాయుడు దాన్ని ముట్టలేదు. పొద్దస్తమానం ఆకులు నూరుతున్నాడు, బూడిదలు కలుపుతున్నాడు, గీత పోయే మందు కోసం. రంగు నిలబెట్టడమే గొప్పగా బతికిన వంశం వాళ్లది. పోగొట్టడం వాళ్లలో ఎవరూ నేర్చుకోలేదు.

ఒక మధ్యాహ్నం ఎండన పడి వచ్చాడు. ప్రసూన లోటాతో మజ్జిగ తెచ్చింది. అతను చెయ్యి చాపాడు. లోటా నడుమున ఆమె వేళ్లున్నాయి. అతని వేళ్లు అతన్ని అడగకుండానే పైకి పోయి, అంచు పట్టుకుని అందుకున్నాయి.

అంతే జరిగింది. మజ్జిగ తాగాడు, బాగుందన్నాడు. తల ఎత్తేసరికి ఆమె అతని వేళ్లనే చూస్తోంది.

మర్నాడు అన్నాల వేళకు అతని కంచం ఎప్పటిచోటే ఉంది. వడ్డించింది. తన కంచం, లోటా మాత్రం వేరే తీసుకుని వెళ్లి, పెరటి తలుపు వెనక మూలన కూర్చుంది.

"ఆడేంది పాపా? ఇట్లా వచ్చి కూసో."

"ఈడ గాలి బాగుండాది నాయనా. నువ్వు తిను."

ఆ మూలకు గాలి ఏనాడూ రాలేదు. చెంగల్రాయుడు ఇంకొకసారి పిలవలేదు. తల వంచుకుని తిన్నాడు.