ఒకటి మంచిది

ఉదయం పదీ ఇరవైకి డ్యామ్ కంట్రోల్ బిల్డింగులో సిస్టమ్ అడ్మిన్ గొంతు తెగింది.

తెగే ముందు ఆయన హెడ్డాఫీసుకి ఓ మెసేజ్ కొట్టాడు. ఎంటర్ నొక్కి చెయ్యి తీసేలోపే వెనకనుంచి ఎవడో జుట్టు పట్టి తల వంచాడు, కత్తితో ఒక్క గీత గీశాడు. కీబోర్డు నిండా నెత్తురు. నోట్లో నాలుక లేని మనిషి, చీమకైనా దారిచ్చి నడిచే మనిషి, కుర్చీలోనే ఒరిగిపోయాడు.

పదిన్నరకి ఆ వార్త పెద్దాయన బల్ల మీదుంది. పెద్దాయనంటే సీక్రెట్ సర్వీస్ డైరెక్టర్. ఎదురుగా ఏజెంట్ ఉడుత. డిపార్ట్‌మెంట్లో అసలు పేరు వాడరు. మనిషి సన్నం, చెయ్యి చురుకు, కాబట్టి ఉడుత.

"కూర్చో."

"నిలబడే వింటా సర్."

"ఇది విన్నాక నిలబడలేవు. మీ బావ చనిపోయాడు. చంపేశారు."

ఉడుత కూర్చున్నాడు. అక్క మొహం కళ్లముందు మెదిలింది. ఏడుపు రాలేదు.

"ఎవరు?"

"సరిహద్దు అవతలివాళ్లు. ఏడుపు తర్వాత ఏడుద్దాం, ముందు విను. డ్యాము గేట్లన్నీ ఒక యూనిక్స్ సర్వర్ చేతిలో ఉన్నాయి. దాని ప్రాణం సిస్టమ్ డిస్కులో. అది పోతే సర్వర్ లేవదు, గేట్లు కదలవు. అందుకని మీ బావ రెండో డిస్కు బిగించి మిర్రర్ చేశాడు. ఒకదాని మీద రాసింది అక్షరం పొల్లుపోకుండా రెండోదాని మీదా పడుతుంది. ఒకటి చచ్చినా ఇంకోదాన్నుంచి బూట్ చేసి సర్వర్ని లేపొచ్చు."

"మరింకేం?"

"అద్దం మంచే చూపిస్తుందా? మచ్చ కూడా చూపిస్తుంది. వాళ్లు ఒక దొంగ ప్రోగ్రామ్ ఎక్కించారు. గేట్లు మూసే ఉంటాయి, స్క్రీన్ మీద మాత్రం తెరిచినట్టు చూపిస్తుంది. అది నమ్మి ఎగువనున్నవాళ్లు వరద నీళ్లు వదులుతూనే ఉన్నారు. మిట్టమధ్యాహ్నం పన్నెండుకి కట్ట తెగుతుంది."

"ఎగువకి ఫోన్ చేసి ఆపించండి."

"ఆపించాను. దారిలో ఉన్న నీళ్లే చాలు, ఊరు కొట్టుకుపోవడానికి. గేట్లు తెరిస్తే అవి పక్క కాలువలో పడి సముద్రానికి పోతాయి. చేత్తో తిప్పి తెరవాలంటే రెండు గంటలు." పెద్దాయన కాగితం ముందుకు తోశాడు. "విషం ఇంకోదానికి పాకకముందే మీ బావ జత విడదీశాడు. వాళ్లకా సంగతి తెలీదు. రెండూ చెడ్డాయనే అనుకుంటున్నారు. ఇదీ ఆయన చివరి మెసేజ్."

కాగితం మీద నాలుగు మాటలు. 'జత విడదీశాను. ఒకటి మంచిది.'

"రెండింట్లో ఒకటి మంచిదట. ఏదో చెప్పలేదు పాపం," అన్నాడు పెద్దాయన. "ఇంకో చిక్కుంది. కాపీ పడినంత మాత్రాన డిస్కు లేవదట. బూట్ బ్లాక్ అని లేపే ముక్క విడిగా వేయాలట. మిర్రర్ చేసేవాళ్లలో సగంమంది అది మర్చిపోతారట. మీ బావ వేశాడో లేదో దేవుడికే తెలియాలి."

ఉడుత వినడం మానేశాడు. "సర్, అక్క స్కూలు దిగువ ఊళ్లోనే."

"తెలుసు. వానలకి వంతెన పొద్దున్నే మునిగింది. మీ అక్క రెండొందల మంది పిల్లల్ని మేడ మీదికి ఎక్కించి కూర్చుంది. పోలీసుల్ని పంపితే డ్యాము పట్టుకున్నవాళ్లు బెదిరి సర్వర్నే పేల్చేస్తారు. నువ్వొక్కడివే వెళ్లు. లోపల మన మనిషి గులాబీ ఉంది. ఏడాదిగా వాళ్ల ముఠాలో మనకోసం పనిచేస్తోంది."

*

పదకొండూ నలభైకి కంట్రోల్ బిల్డింగు వెనక మెట్ల దగ్గర ఒక ఏసీ మెకానిక్ ప్రత్యక్షమయ్యాడు. నీలం కోటు, భుజాన టూల్‌బ్యాగు, చేతిలో పచ్చ సిలిండర్, బ్యాగు అడుగున తుపాకీ. సిలిండర్లో ఉన్నది ఏసీ గ్యాస్ కాదు, తగిలితే చర్మం ఊడొచ్చేంత చల్లని సరుకు.

మెట్ల కింద కాపలా ఉన్న ముఠావాడు ఐడీ కార్డు అడిగాడు. ఉడుత జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి వాడి దవడ కింద దించాడు. కిక్కురుమనకుండా జారిపోయాడు వాడు. మెట్ల మలుపులో ఇంకొకడు తుపాకీ ఎత్తబోయాడు. ఉడుత పానాతో మణికట్టు విరగ్గొట్టి, తలని రెయిలింగుకేసి మూడుసార్లు కొట్టాడు. మూడోది అక్కర్లేదు. కానీ బావ గుర్తొచ్చాడు.

సర్వర్ రూము తలుపు తెరుచుకుంది. పొడుగాటి మనిషి, ఎర్రని స్కార్ఫ్, గదంతా గుప్పుమనే సెంటు. పక్కన కుర్చీలో బావ శవం ఉండగా అంత ముస్తాబా అని ఒళ్లు మండింది ఉడుతకి.

"ఏసీ కారుతోందా?" కోడ్ అడిగాడు.

"కారట్లేదు, ఏడుస్తోంది," అంది గులాబీ. కోడ్ సరిపోయింది.

సర్వర్ బిగించిన రాక్ దగ్గర చెట్టంత మనిషొకడు కాళ్లు చాపుకుని పడున్నాడు. ముఠాలో బండోడంటారు. "మత్తిచ్చాను, అరగంటదాకా లేవడు," అంది గులాబీ. "త్వరగా చెప్పు. అడ్మిన్ ఏం మెసేజ్ పంపాడు? నాకు యూనిక్స్ కొట్టిన పిండి. రెండు నిమిషాల్లో లేపుతాను."

ఉడుత గోడ గడియారం చూశాడు. పదకొండూ నలభై ఎనిమిది. అక్క తప్ప ఇంకేం తోచలేదు. గూఢచారన్నవాడు చేయకూడని తప్పు చేసేశాడు.

"జత విడదీశాడు. రెండింట్లో ఒకటి మంచిదన్నాడు. ఏ ఒకటో చెప్పలేదు."

గులాబీ నవ్వింది. "చెప్పాడు."

పిస్టల్ గొట్టం ఉడుత నుదుటికి తగిలింది. మత్తులో ఉన్న బండోడు ఆవులిస్తూ లేచి కూర్చున్నాడు. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే కాబోలు. ఏడాది పొడుగునా జీతం మనది, పని వాళ్లది!

"మీ బావ మీకు తెలుగులో రాశాడనుకున్నారు. ఆయన మా యూనిక్స్ వాళ్ల భాషలో రాశాడు," అందామె. "ఒరేయ్, రాక్‌లో కింద పక్కపక్కనే రెండు డిస్కులున్నాయి చూడు. తాళాలేసున్నాయి, పీకలేవు. ఒకటోది కాల్చెయ్. ఇంకోది ముట్టుకోకు, అది పన్నెండుదాకా తిరగాలి."

బండోడు వంగాడు. వేలు పెట్టి మరీ లెక్క చూసుకున్నాడు. ఎడమవైపు మొదటి డిస్కులోకి ధన్‌మని రెండు గుళ్లు దించాడు.

సర్వర్ కీచుమంది. అలారం మోగింది. స్క్రీన్ మీద గేట్ల బొమ్మ ఆరిపోయి, నల్లటి తెర మీద 'ఓకే' అని ఆజ్ఞ కోసం ఎదురుచూసే చిన్న ప్రాంప్ట్ మిగిలింది.

"గాడిదా!" గులాబీ గొంతు చిరిగింది. "ఒకటోదన్నాను రా! అది సున్నా! డిస్కుల లెక్క సున్నాతో మొదలు, సున్నా తర్వాతది ఒకటి!"

"సున్నా ఏంటి మేడమ్?" బండోడు బిత్తరపోయాడు. "సున్నా అంటే ఏమీ లేనట్టు కదా. ఇక్కడ డిస్కుంటే!"

ఆ ఒక్క క్షణం ఆమె చూపు అటు తిరిగింది. ఉడుత సిలిండర్ వాల్వు తిప్పేశాడు. తెల్లటి పొగ ఆమె మొహాన కొట్టింది. ఆమె అరిచిన అరుపుకి అద్దాలు అదిరాయి. గుడ్డిగా పేల్చిన మొదటి గుండు బండోడి తొడలో దిగింది. వాడు దెబ్బ తిన్న పందిలా ఉడుత మీద పడ్డాడు, మెడ దొరకబుచ్చుకున్నాడు, ఉడుత ఎడంచేతి రెండు వేళ్లు వెనక్కి విరిచేశాడు. ఊపిరాడక ఉడుత కళ్లముందు చుక్కలు కనిపించాయి. కుడిచేతికి నెట్‌వర్క్ కేబుల్ తగిలింది. వాడి మెడకి రెండు చుట్లు తిప్పి, వెనక్కి జారి, వీపు మీద మోకాలు పెట్టి లాగాడు. మనిషి కాళ్లు తన్నుకోవడం ఆగేదాకా లాగాడు.

తలెత్తేసరికి గులాబీ గోడ పట్టుకుని నిలబడింది. ఒక కన్ను తెరుచుకుంది. పిస్టల్ గురి ఉడుత మీద లేదు, మిగిలిన డిస్కు మీదుంది.

ఆలోచించే టైము లేదు. ఉడుత రాక్‌కి అడ్డంగా దూకాడు. గుండు భుజంలో దిగింది. రెండోది పక్కటెముకల్ని గీరిపోయింది. పడుతూనే టూల్‌బ్యాగులోంచి తుపాకీ లాగి మూడుసార్లు పేల్చాడు. ఎర్ర స్కార్ఫ్ ఇంకా ఎర్రగా తడిసింది. ఆమె గోడకి జారగిలబడి కూర్చుంది, ఇక లేవలేదు.

పదకొండూ యాభై ఐదు.

నల్ల తెర మీద ప్రాంప్ట్ మిణుకుతోంది. ఉడుతకి యూనిక్స్ అంటే 'ఏ'కీ 'బీ'కీ తేడా తెలీదు. బావ చేతిని మెల్లగా పక్కకి జరిపి కీబోర్డు ఎత్తితే, కింద టేపుతో అంటించిన కాగితం కనబడింది. బావ దస్తూరీ, ముత్యాల్లాంటి అక్షరాలు.

'నేను సెలవులో ఉన్నప్పుడు: సున్నా పోతే కంగారుపడకండి. ఓకే అన్నచోట బూట్ డిస్క్ వన్ అని కొట్టండి. ఒకటి మీద బూట్ బ్లాక్ వేశాను. మూడుసార్లు దాన్నుంచే లేపి చూశాను కూడా. టీ చల్లారేలోపు లేస్తుంది.'

"నీకు దణ్ణం బావా," అన్నాడు ఉడుత. అప్పుడొచ్చింది ఏడుపు.

నెత్తురు జిగటలో ఒక్కో కీ వెతుక్కుంటూ ఒక్క చేత్తో కొట్టాడు. ఎంటర్.

తెర నల్లగానే ఉంది. పది సెకన్లు. ఇరవై. కిటికీలోంచి చూస్తే నీళ్లు కట్ట అంచు దాటి దిగువకి పొర్లుతున్నాయి. తర్వాత ఒక లైను వచ్చింది. దాని వెనక ఇంకోటి. ఆపైన వరసకట్టి పరుగెత్తాయి. పదకొండూ యాభై ఎనిమిదిన్నరకి గేట్ల బొమ్మ లేచింది. ఈసారి నిజం చూపించింది, పన్నెండు గేట్లూ మూసే ఉన్నాయి. 'ఓపెన్ ఆల్'. నొక్కాడు.

కింద మోటార్లు గర్జించాయి. నేల వణికింది. పన్నెండు గేట్లూ ఒక్కసారి నోరు తెరిచాయి. కొండంత నీరు పక్క కాలువలోకి దూకింది. గోడ గడియారం పన్నెండు చూపించేసరికి నీళ్లు కట్ట అంచునుంచి జానెడు దిగాయి.

ఉడుత తన నీలం కోటు విప్పి బావ మీద కప్పాడు. అప్పుడే జేబులో ఫోన్ మోగింది. అక్క.

"ఒరేయ్! నీళ్లు ఆగాయిరా! మెట్లదాకా వచ్చి ఆగిపోయాయి. పిల్లలంతా గంతులేస్తున్నారు. నువ్వు డ్యాము దగ్గరున్నావని మీ పెద్దాయన చెప్పాడు. ఇదంతా మీ బావ పనే కదా?"

"బావ పనే అక్కా. ముమ్మాటికీ బావ పనే."

"ఫోన్ ఓసారి ఆయనకివ్వు."

ఉడుత కోటు కప్పిన బావ వంక చూశాడు. పదకొండు దేశాల్లో పదకొండు పేర్లతో తిరిగినవాడు, కరెంటు షాకులిచ్చినా నోరు విప్పనివాడు.

"బావ... పనిలో ఉన్నాడక్కా. డిస్కు మారుస్తున్నాడు. చేతులు ఖాళీ లేవు. సాయంత్రం తనే చేస్తాడు."

అవతల పిల్లల కేరింతలు వినబడుతున్నాయి. వాటి మధ్యలో అక్క వెక్కిళ్లు. ఏడుస్తోంది. పిల్లలకి వినబడకుండా, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

"అక్కా..."

"ఊరుకోరా," అందామె చివరికి. "ఒక్క అబద్ధం అతికేలా ఆడ్డం రాదు. నిన్ను గూఢచారిగా పెట్టుకున్న మహానుభావుడెవడురా?"