అమ్మకు కరెంటు బనియను

పొద్దున్నే రోస్విటా రెండు చేతులూ కాఫీ కూజా చుట్టూ ఉంటాయి. కాఫీ మీద ప్రేమతో కాదు, వేళ్ళ కోసం. నవంబరు దిగిందంటే చాలు, ఆ వేళ్ళు సగం దాకా సుద్దముక్కల్లా తెల్లబడిపోతాయి. గుచ్చినా తెలియదు. ఆ వేళ్ళతో రొట్టె మీద వెన్న రాయబోతే కత్తి జారి రేగుపళ్ళ జాములో పడుతుంది. భర్త హార్ట్‌మూట్ ఏమీ అనకుండా కత్తి తీసి, తుడిచి, తనే రాసి ఇస్తాడు. ఆ ఇంట్లో ప్రేమంటే అదే. అంతకు మించి మాట్లాడే అలవాటు ఇద్దరికీ లేదు.

ఆ రోజూ అలాగే రాసి ఇస్తుండగా పై అంతస్తు నుంచి కూతురు కెర్స్టిన్ దిగి వచ్చింది. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది, ఎప్పుడూ హడావుడే. ఈసారి కొండల్లో చలి ముదురుతుందని రేడియోలో చెప్పారనీ, జనవరి జాతరకు కారులో వెళ్ళమనీ నిలబడే చెప్పింది.

రోస్విటా కూజా వదలకుండానే అంది, "కారులో వెళ్ళి మంట దగ్గర ఏం చెప్పుకోనే? హీటరు బాగా పనిచేసిందనా?"

జనవరి జాతర అంటే సరిహద్దు అడవిలో ఒక పల్లంలో జరిగే మోటారుసైకిళ్ళ కూడిక. మంచులో డేరాలు వేసుకుంటారు, మంటల మీద బఠానీ సూపు కాచుకుంటారు, ఎవరి బండి ముసలిదైతే వాళ్ళకంత గౌరవం. హార్ట్‌మూట్ ఆమెను మొదటిసారి చూసింది అక్కడే. తన సూపు గిన్నె తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాడు, తాగమని కాదు, కాచుకోమని. అప్పటి నుంచీ ఏటా వెళ్ళారు. పెళ్ళయ్యాక ఇద్దరుగా, తరువాత కెర్స్టిన్‌ను బండి పక్కన బిగించిన తొట్టిలో కూర్చోబెట్టుకుని. ఆ తొట్టిని వాళ్ళ వైపు పడవ అంటారు.

జీవితమంతా కొండదారుల్లో బస్సు నడిపిన హార్ట్‌మూట్‌కు తుంటి ఎముక అరిగిపోయింది, కాలెత్తి బండి ఎక్కలేడు. కాబట్టి ఇప్పుడు ఆమె నడుపుతుంది, ఆయన పడవలో కూర్చుంటాడు. ఊళ్ళో కొందరు వింతగా చూశారు. చూడనీ. మొగుడు నడిపితే పెళ్ళాం కూర్చోవడం వింత కాలేదు, ఇదెందుకు వింత? ఆపరేషను కారణంగా రెండు చలికాలాలు వెళ్ళలేదు, బండి రిజిస్ట్రేషను కూడా రద్దు చేయించారు. ఈసారి తుంటి కొత్తది, ఆకలి పాతది. వెళ్ళి తీరాల్సిందే అనుకున్నారు.

కెర్స్టిన్ ఇక వాదించలేదు. కొత్త నంబరు ప్లేటు పని తనే చూస్తానంది. మరీ తొందరగా ఒప్పుకుందని రోస్విటా గమనించి ఉండాల్సింది. వెన్న రాసిన రొట్టె మీదే ఉంది ఆమె ధ్యాస.

ఆ శనివారం హార్ట్‌మూట్ ఆమెను పట్నంలో మోటారుసైకిలు బట్టల దుకాణానికి లాక్కుపోయాడు. లాక్కుపోయాడు అనడమే సరైన మాట. కరెంటుతో కాగే బట్టలు సోమరిపోతులకని ఆమె నమ్మకం. గొర్రెతోలు కోటు, దాని కింద పాత వార్తాపత్రికలు, వాళ్ళ నాన్న కాలం నుంచీ అదే పద్ధతి. దారంతా తిట్టుకుంటూ వచ్చి, తీరా దుకాణంలో అడుగు పెట్టాక, సరే, గ్లవ్స్ మాత్రమే తీసుకుంటాను, ఆ పై వేషాలు నాకొద్దు అంది.

దుకాణంలో ఉన్నావిడ జుట్టు హెల్మెట్ పెట్టిపెట్టి నెత్తికి అతుక్కుపోయి ఉంది. అది చూశాక రోస్విటా కొంచెం మెత్తబడింది.

"వేళ్ళు చల్లబడేది వేళ్ళలో కాదండీ, పొట్ట దగ్గర," అంది ఆవిడ. "నడుము పైభాగానికి చలేస్తే ఒళ్ళు రక్తమంతా లోపలే దాచేసుకుంటుంది. చేతులకు పంపడం మానేస్తుంది. ముందు ఒంటికి బనియను, ఆ తరువాతే గ్లవ్స్."

రోస్విటా ఒక్క క్షణం ఆలోచించింది. తరువాత నవ్వింది. ఆమె నూలు మిల్లులో పనిచేసింది. మిల్లు మూసేస్తున్నప్పుడు గేటు ముందు మంట వేసుకుని ధర్నాకు కూర్చున్న ఆడవాళ్ళలో మొదటి వరస ఆమెదే. "మా మిల్లూ ఇంతే," అంది హార్ట్‌మూట్‌తో. "పై ఆఫీసు చివరిదాకా వెచ్చగానే ఉంది. ముందు చల్లారింది మా సెక్షనే."

తొడిగి చూడటం మొదలైంది. రోస్విటా తన లావుపాటి స్వెటరు మీద కరెంటు బనియను వేసుకుని, ఏమీ తెలియడం లేదు, ఇదంతా మోసం అని తేల్చేసింది. దుకాణం ఆవిడ ఓపికగా స్వెటరు విప్పించింది. పల్చటి చొక్కా మీద ఒంటిని పట్టి ఉంచేలా వేసుకోవాలట, లావు బట్టలు దాని పైన. మధ్యలో గాలి ఉంటే వేడి ఒంటికి చేరదు, గాలికి చేరుతుంది. రెండోసారి వేసుకున్నాక రోస్విటా బనియను గుడ్డను లోపలా బయటా వేళ్ళతో నలిపి చూసింది. వీపు మధ్యలోంచి వెచ్చదనం మెల్లగా భుజాల మీదికి పాకుతోంది. ఆమె మొహం చూసి హార్ట్‌మూట్ నవ్వు దాచుకోవడానికి గోడ మీది హెల్మెట్ల వైపు తిరిగిపోయాడు.

ఇక గొడవ, ఏ రకం అని. బ్యాటరీ జేబులో పెట్టుకునేది ఒకటి, తీగతో బండికే తగిలించుకునేది ఒకటి. జేబు బ్యాటరీ గడ్డకట్టే చలిలో త్వరగా దిగిపోతుంది, హ్యాండిలు పట్టుకున్న మనిషి దారిలో దాన్ని మార్చుకోలేదు. తీగది బండి తిరిగినంతసేపూ కాగుతుంది. కానీ వాళ్ళ బండి ముసలిది, డైనమో చిన్నది. ఇద్దరూ తీగ తగిలించుకుంటే ముందు లైటు గుడ్డిదీపం అవుతుంది.

తీగ నీకంటే నీకని ఇద్దరూ దుకాణం మధ్యలో పోట్లాడుకున్నారు. నాకు పొట్టే ఉంది చాలదా అన్నాడు ఆయన. ఆ పొట్టకు తగిన జిప్పు ఉందో లేదో ముందు చూడు అంది ఆమె. చివరికి దుకాణం ఆవిడే తీర్పు చెప్పింది. నడిపే మనిషికి తీగ బనియను, దానికే తగిలే గ్లవ్స్. పడవలో చేతులు ఖాళీగా కూర్చునే మనిషికి బ్యాటరీది, దిగిపోతే మార్చుకుంటాడు. వెళ్ళేముందు ఇంకో మాట కూడా చెప్పింది.

"బండి దిగేటప్పుడు తీగ పీకడం మరిచిపోకండి. అందరూ మరిచిపోతారు, తాడు కట్టిన మేకలా ఆగిపోతారు."

"అంత తెలివితక్కువదాన్ని కాదు," అంది రోస్విటా.

నంబరు ప్లేటు వచ్చిన రోజు హార్ట్‌మూట్ షెడ్డులో దాన్ని బిగించబోయి చేతిలో స్క్రూ డ్రైవరుతో అలాగే ఉండిపోయాడు. ప్లేటు కుడి అంచున చిన్న అంకెలు ఒకదాని మీద ఒకటి అచ్చుగుద్ది ఉన్నాయి. పైన నాలుగు, కింద పది. ఏప్రిల్ నుంచి అక్టోబరు. వేసవి బళ్ళ ప్లేటు అది. ఆ నెలలు దాటాక బండి వీధిలో చక్రం మోపడం నేరం. ఎండలో తిరిగే షోకు బళ్ళకు పన్ను కలిసొస్తుందని అలా తీసుకుంటారు. జనవరిలో అడవికి వెళ్ళే బండికి అలాంటి ప్లేటు ఎవరూ అడగరు, కావాలని అడిగితే తప్ప.

ఆయన దాన్ని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టి, స్క్రూలు సరిపోలేదని భార్యకు చెప్పాడు. బస్సు నడిపినన్నాళ్ళూ ఒక్క యాక్సిడెంటు చేయని మనిషి, పెళ్ళానికి అబద్ధం చెప్పడంలో మాత్రం మొదటి మలుపులోనే బోల్తా పడతాడు. రోస్విటా స్టూలు వేసుకుని అటక మీంచి తీసుకుంది.

క్రిస్మసుకు నాలుగు వారాల ముందు వచ్చే ఆదివారం. ఆ కొండల్లో ప్రతి కిటికీలోనూ కొయ్య తోరణాల మీద దీపాలు వెలిగే సాయంత్రం. బల్ల మీద చిన్న కొయ్యబొమ్మ నోట్లోంచి ధూపం పొగ వదులుతోంది. కెర్స్టిన్ కాఫీకి దిగి వచ్చి తన చోట కూర్చుంది. అమ్మకూ నాన్నకూ పింగాణీ ప్లేట్లున్నాయి. తన ముందు మాత్రం నంబరు ప్లేటు ఉంది. దాని మీద, సరిగ్గా ఆ చిన్న అంకెల పక్కన, చక్కెర పొడి చల్లిన పండగ కేకు ముక్క.

"తిను," అంది రోస్విటా. "ఏప్రిల్ దాకా ఇంకేమీ లేదు."

కెర్స్టిన్ ఆఫీసులో ఏదో పొరపాటు జరిగి ఉంటుందని మొదలుపెట్టి, తల్లి మొహం చూసి ఆపేసింది. "లేదు. కావాలనే పెట్టించాను."

"నన్నడగకుండా నా నెలలు కోసేశావు. సగం ఏడాది నన్ను షెడ్డులో పెట్టి తాళం వేశావు."

"బండినమ్మా, నిన్ను కాదు."

"రెండూ ఒకటే. మిల్లు మూసినవాళ్ళు కూడా మీ మంచికే అన్నారే. నీలాగే మెత్తగా అన్నారు. కడుపున పుట్టినదాని నోట అదే వింటానని అనుకోలేదు."

చక్కెర ఎక్కువైందేమో అని హార్ట్‌మూట్ కేకు గురించి ఏదో అనబోయాడు. తల్లీ కూతుళ్ళు ఇద్దరూ ఒకేసారి ఆయన వైపు చూశారు. ఆయన నమలడం ఆపేశాడు.

కెర్స్టిన్ కేకు ముక్కను వేలితో పక్కకు జరిపింది. గొంతు పెంచకుండా మాట్లాడింది.

"చివరిసారి జాతర నుంచి వచ్చిన సాయంత్రం నీకు గుర్తుందా? నువ్వు బండి ఆపావు, దిగలేదు. హెల్మెట్ పట్టీ తీసుకోలేకపోయావు, నేనే తీశాను. నా వైపు చూశావు. ఏదో పిలవబోయావు. నోట్లో ముద్దగా వచ్చింది. రెండోసారి పిలిచావు, అదీ నా పేరు కాదు. నా పేరు నీకు రాలేదమ్మా. పక్షవాతం అనుకున్నాను. తరువాత తెలిసింది, చలి ఒంటి లోపలికి దిగితే నోరూ మతీ అలాగే మొద్దుబారతాయట."

రోస్విటాకు వేడినీళ్ళ స్నానం గుర్తుంది, సూపు గుర్తుంది. వాకిట్లో జరిగింది గుర్తు లేదు. భర్త వైపు తిరిగింది. ఆయన తల దించుకున్నాడు. తుంటి పట్టేసి పడవలోంచి లేవలేకపోయాననీ, తను దిగేసరికి ఇద్దరూ లోపలికి వెళ్ళిపోయారనీ చెప్పాడు. మామూలు చలే అనుకున్నాడట.

"అప్పుడే ఎందుకు చెప్పలేదే?"

"చెబితే నువ్వు నవ్వేస్తావు."

రోస్విటా దీని మీద నిజాయితీగా ఆలోచించింది. "నవ్వేదాన్నే," అని ఒప్పుకుంది. ఆమె కళ్ళు తడిసి ఉన్నాయి. గేటు ముందు మంట దగ్గర కూడా ఆ కళ్ళు తడవలేదు.

క్షమించమని అడగడం ఆమెకు చేతకాదు. లేచి లోపలికి వెళ్ళి కరెంటు బనియను పట్టుకొచ్చింది. "లే. ఆ స్వెటరు తియ్యి. పల్చటి చొక్కా మీద వేసుకో, వదులుగా ఉండకూడదు," అని ఆ అతుక్కుపోయిన జుట్టు దుకాణం ఆవిడ చెప్పిందంతా తను కనిపెట్టినట్టే చెబుతూ కూతురికి తొడిగింది. పైన తన గొర్రెతోలు కోటు వేసి వాకిట్లోకి నడిపించింది. మంచు పడుతోంది. షెడ్డులోంచి బండి బయటికి లాగి, దాని మీద కూర్చోబెట్టి తీగ తగిలించి ఇంజను తన్నింది. నీలం పొగ, కెర్స్టిన్ చిన్నప్పటి వాసన.

ముందు కెర్స్టిన్ మొహం ముడుచుకునే ఉంది. తరువాత భుజాలు దిగాయి. తరువాత కళ్ళు మూసుకుంది. దిగమంటే దిగలేదు. మంచు ఆమె జుట్టు మీద పేరుకుంటోంది, ఆమె మాత్రం నవ్వుతోంది. ఇది మొదటి నుంచీ ఉంటే నన్ను పడవలో గొర్రెతోలులో మూట కట్టి ఎందుకు తిప్పారని నాన్నను నిలదీసింది. అప్పుడు మేము పేదవాళ్ళం, నువ్వు బొద్దుగా ఉండేదానివి, సరిపోయింది అన్నాడు ఆయన.

"రేపు ఆఫీసుకు వెళ్ళి ఏడాది పొడుగునా ఉండే ప్లేటు తెస్తాను," అంది కెర్స్టిన్ బండి మీంచే. "కానీ ఒక షరతు. ఆగిన ప్రతిచోటా నాన్న నిన్ను నా పేరు అడుగుతాడు. హెల్మెట్ తీసి చెప్పాలి. ముద్దగా వచ్చిందా, ఆ రాత్రికి అక్కడే మకాం. వాదన లేదు."

బేరాలాడటంలో పుట్టి పెరిగిన రోస్విటా ఎప్పుడూ మొదటి మాటకు ఒప్పుకోదు. ఈసారి ఒప్పుకుంది.

జనవరిలో వెళ్ళారు. టీ కొట్ల దగ్గర, పెట్రోలు బంకుల దగ్గర, అడవి అంచున, ఎక్కడ ఆగినా పడవలోంచి హార్ట్‌మూట్ గంభీరంగా నీ కూతురి పేరేమిటని అడిగాడు. పెట్రోలు పోసేవాడు పాపం ముసలామెకు మతిపోయిందనుకుని మెత్తగా మాట్లాడాడు. మంట దగ్గర బనియను కథ చెప్పుకోవడానికి ఆమె ఏమీ సిగ్గుపడలేదు. పైగా స్వెటరు మీద వేసుకున్నవాళ్ళను వెతికి వెతికి తిట్టింది.

తిరిగొచ్చిన సాయంత్రం కెర్స్టిన్ ఇంజను మోత విని వాకిట్లోకి వచ్చేసింది. కోటు కూడా వేసుకోలేదు. బండి ఆగింది. రోస్విటా గ్లవ్స్ లాగి పారేసింది. వేళ్ళు ఎర్రగా, బతికి ఉన్నాయి. పట్టీ తనే తీసుకుంది. హెల్మెట్ ఎత్తి, వీధి వీధంతా వినపడేలా, ఒక్క అక్షరం మింగకుండా పిలిచింది.

"కెర్స్టిన్!"

ఎదురింటి కిటికీ తెరుచుకుంది. కెర్స్టిన్ అక్కడే నిలబడి ఏడ్చేసింది. రోస్విటా ఒక్క ఉదుటున బండి దిగి చేతులు చాచి కూతురి వైపు పరిగెత్తబోయి, ఎవరో వెనక నుంచి పట్టి గుంజినట్టు ఆగిపోయింది.

తీగ.

పడవలో హార్ట్‌మూట్ నవ్వు ఆపుకోలేక తుంటి పట్టుకున్నాడు. కెర్స్టిన్ ఏడుస్తూనే, నవ్వుతూనే వచ్చింది. ముందు అమ్మను పట్టుకుంది. తరువాత, తొందరేమీ లేకుండా, ప్లగ్ పీకింది.