ఫైళ్ళు ఉన్నాయి, అక్షరాలు లేవు

రెండో శనివారం ఉదయం. చేపల సంచితో ఇంట్లోకి అడుగుపెట్టిన దేవకుమారికి హాల్లో తన లాప్‌టాప్ ముందు కూర్చున్న భర్త ప్రేమ్ కుమార్ కనిపించాడు. తెర నిండా నీలంరంగు, మధ్యలో గుండ్రంగా తిరుగుతున్న చుక్కలు.

"ఏం చేస్తున్నారండీ?"

"విండోస్ మళ్ళీ ఎక్కిస్తున్నా. ఆన్ అవడానికే అరగంట పడుతోందని రోజూ గొణుగుతున్నావు కదా!"

ఆమె చేపల సంచి గుమ్మంలోనే దించేసింది. ధవళేశ్వరం మిషన్ స్కూల్లో తెలుగు టీచరామె. పదో తరగతి పిల్లల కోసం మూడేళ్ళుగా రాస్తున్న వ్యాకరణం పుస్తకం ఆ లాప్‌టాప్‌లోనే ఉంది. సోమవారం రాజమండ్రి ప్రెస్‌లో ఇవ్వాలి.

"పుస్తకం అచ్చుకిచ్చేదాకా దాని జోలికి వెళ్ళొద్దన్నానా లేదా?"

"అన్నావులే. 'నా ఫైళ్ళు ఉంచు' అన్నచోటే నొక్కాను. ఒక్కటీ పోదు. ఇరిగేషన్ ఆఫీసులో ఇన్నేళ్ళుగా కంప్యూటర్ల మీదే పనిచేస్తున్నాను, నాకు నువ్వు చెప్పాలా?"

కాసేపటికి లాప్‌టాప్ తెరుచుకుంది. ఫైళ్ళన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. "చూశావా!" అన్నాడు ప్రేమ్ కుమార్ మీసం దువ్వుకుంటూ.

దేవకుమారి పుస్తకం తెరిచింది. ఒక్క తెలుగక్షరం లేదు. పేజీ నిండా పొంతన లేని ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు.

"ముందే పాడైపోయి ఉంటుంది," అన్నాడతను, కాస్త గొంతు తగ్గించి.

"ముందేనా? నిన్న సాయంత్రమే సమాసాలు దిద్దానండీ!" దేవకుమారి తెర వదిలి అతని వైపు తిరిగింది. "ఈ ఇంట్లో ఏదీ నన్నడిగి చెయ్యరు కదా! నా కుట్టుమిషన్ మీ అక్కగారికి ఇచ్చేశారు. నా ఫోన్ మార్చేశారు. అన్నీ నా మంచికే! ఒక్కసారి, ఒక్కసారి అడిగితే మీ సొమ్మేం పోయింది?"

అరుపులకి కూతురు సారిక గదిలోంచి వచ్చింది. డిగ్రీ చదువుతోంది. తెర వంక చూసి, "ఏడవకు మమ్మీ, ఫైలు పోలేదు. ఫాంట్ పోయింది. విండోస్ మళ్ళీ ఎక్కిస్తే మనం విడిగా వేసుకున్న ఫాంట్లు పోతాయి. నువ్వు టైపు చేసిన ఆ పాత తెలుగు ఫాంట్ మళ్ళీ వేస్తే అక్షరాలొస్తాయి," అంది.

"అది ప్రెస్ ఉదయ్‌కుమార్ గారు వేసిచ్చారు," అంది దేవకుమారి కళ్ళు తుడుచుకుంటూ.

ప్రేమ్ కుమార్ వెంటనే బండి తీశాడు. ప్రెస్‌లో ఉదయ్‌కుమార్ పెన్‌డ్రైవ్‌లో ఫాంట్ ఎక్కించి ఇస్తూ, "మేడమ్ గారు కొన్ని పేజీలు చూపించారండీ. ఇంటి మాటలతో వ్యాకరణం భలే చెప్పారు. మీరు చదివే ఉంటారు లెండి," అన్నాడు. ప్రేమ్ కుమార్ పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని బండెక్కాడు.

ఇంటికొచ్చాక సారిక ఫాంట్ వేసింది. గీతలన్నీ తెలుగైపోయాయి. దేవకుమారి ప్రతి పేజీ తిప్పి చూసుకుని, ఊపిరి పీల్చుకుని, చేపలు కడగడానికి వెళ్ళింది. ప్రేమ్ కుమార్ ఒక్కడే తెర ముందు కూర్చుని, మొదటిసారి భార్య రాసింది చదివాడు.

విధ్యర్థక వాక్యాలు: 'ఫ్యాను వెయ్యి.' 'పులుసులో ఉప్పు చూడు.' 'నేను చెప్పింది చెయ్యి.' అన్నీ తన మాటలే. ప్రార్థనార్థక వాక్యాల కింద, అంటే బతిమాలి అడిగే వాటిలో, సారిక మాటలున్నాయి, బడి పిల్లల మాటలున్నాయి. తనది ఒక్కటీ లేదు.

మెల్లగా వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. "ఆజ్ఞలన్నీ నావేనా, దేవీ?"

"ఇంట్లో రోజూ వినపడేవే రాశానండీ," అందామె తలెత్తకుండా.

అతను గుమ్మం దాటి ఆమె పక్కకి వచ్చాడు. "పుస్తకం ఇంకోచోట కూడా కాపీ చేసి దాస్తాను. చెయ్యమంటావా?" అని ఆగాడు. "దయచేసి ఈసారికి నన్ను మన్నించు."

దేవకుమారి కళ్ళు నీళ్ళతో నిండాయి. చేతులు కడుక్కుని కొంగుతో తుడుచుకుంది.

"అలాగే చేద్దురు గానీ, కాస్త ఆగండి," అంటూ లాప్‌టాప్ ముందు కూర్చుంది. "ప్రార్థనార్థకం కింద ఇంకొక్క వాక్యం చేర్చాలి."