నిండిన బ్యాటరీకి ఆకలి

హెబ్రోను లోపలికి వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. వాకాడు తీరమంతా పడవలకు లైట్లు బిగించే మనిషి, ఆ పూట ఫ్యాను స్విచ్చి వైపు కూడా భయంగానే చూస్తున్నాడు.

"సాయంత్రం మా పల్లెకి పెద్ద, పెద్దకాపు, సభ పెడతా ఉండాడమ్మా. నా మీద కట్టుబాటు వేస్తారంట. వేసినారంటే ఈ తీరంలో ఏ పడవా నన్ను పిలవదు. నాకు చేతనైంది ఈ పనొక్కటే."

ప్రైవేటు డిటెక్టివ్ ఆదిశేషమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ వింటోంది. చేతులు ఖాళీగా ఉంటే బుర్ర కూడా ఖాళీగా ఉంటుందని ఆవిడ నమ్మకం. పక్కనే సహాయకుడు నరేంద్రబాబు. ఇంజనీరింగు చదివి, ఇద్దరు పిల్లల తండ్రయి కూడా, ఆవిడ తుమ్మితే అందులో ఏదో ఆధారం ఉంటుందని నమ్మే మనిషి.

"ఏం చేసినావని కట్టుబాటు?" అని అడిగింది.

హెబ్రోను చెప్పుకొచ్చాడు. ఆ పల్లెలో వనజాక్షి, ముత్యాలయ్య అనే దంపతులకు ఒక మోటార్‌హోమ్ ఉంది. మంచాలు, ఫ్రిజ్, ఏసీ అన్నీ ఉన్న ఇల్లుబండి. పులికాట్ పక్షులను చూడడానికి వచ్చేవాళ్లకు అద్దెకిస్తారు. దానికి లిథియం బ్యాటరీలు, పైన సోలార్ పలకలు బిగించింది హెబ్రోనే. ఈమధ్య ప్రతి ట్రిప్పులోనూ బ్యాటరీ నడిరాత్రి చచ్చిపోతోంది. ఫోన్‌లో చూస్తే ఎనభై శాతం మిగిలే ఉన్నట్టు చూపిస్తోంది. పోయిన ట్రిప్పులో ఒక పెద్దాయన నిద్రలో ఊపిరికి పెట్టుకునే మిషను ఆగిపోయింది. కూతురు మెలకువగా ఉండబట్టి బతికాడు.

"పాత సెల్లులు లోపల పెట్టి, మీటరు దొంగలెక్క చూపించేటట్టు చేసినానని ముత్యాలన్న ఊరంతా చెప్తుండాడు. మీటరు లోపలి సంగతి నాకు తప్ప ఇంకెవురికీ తెలవదు గదా అంటాడు."

"నిజంగా ఎవరికీ తెలియదా?"

"తెలవదమ్మా."

"అది నీకు పనికొచ్చే మాట కాదు నాయనా," అంటూ ఆదిశేషమ్మ చిక్కుడుకాయల బుట్ట పక్కన పెట్టింది.

*

వాళ్లు చేరేసరికి ముత్యాలయ్య ఇంటి ఆవరణలో మోటార్‌హోమ్ ఎండలో నిలబడి ఉంది. దాని వెనకనే తాళం వేసిన రేకుల గది. వనజాక్షి వారమంతా నెల్లూరులో బుకింగులు చూసుకుంటుంది. ఆ రోజు సభ కోసమని వచ్చింది. ముత్యాలయ్య బొటనవేలికి కట్టు కట్టుకుని ఉన్నాడు.

"తలుపు సందులో పడింది," అన్నాడు అడగకముందే. "ఈ దొంగని వెంటబెట్టుకొచ్చినారేంది మేడం?"

"దొంగ ఎవరో తెలియదు గదా, దొరికినవాణ్ణి తెచ్చుకున్నాం," అంది ఆదిశేషమ్మ.

డ్రైవరు పెంచలకృష్ణను పిలిచింది. "మధ్యాహ్నాలు ఏసీ వేసుకుని లోపల పడుకుంటావంట?"

"ఒట్టు మేడం, ఎప్పుడో ఒకసారి! అదీ మీటర్లో తెలిసిపోతే అక్క తిట్టింది."

"మీటర్లో తెలిసిపోయిందా?"

"ఫ్యానేసినా తెలస్తాది. ఈ హెబ్రోను పెట్టిన కొరివే గదా!"

ఆవిడ హెబ్రోను వైపు తిరిగింది. మీటరు ఎలా లెక్కపెడుతుందో అతను చెప్పాడు. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ నుంచి బయలుదేరే తీగ దారిలో షంట్ అని ఒక ముక్క ఉంటుంది. వచ్చే కరెంటూ పోయే కరెంటూ దాన్ని దాటే పోవాలి. అది లెక్కగట్టి ఫోన్‌కి పంపుతుంది.

"అంటే గేటు దగ్గర కాపలావాడు."

"అంతేనమ్మా."

ఫోన్‌లో వంద శాతం అని ఉంది. దాని కిందే సోలార్ నుంచి నలభై ఆంపియర్లు లోపలికి పోతున్నట్టు కూడా ఉంది. ఆదిశేషమ్మ వనజాక్షి ఇచ్చిన మజ్జిగ తాగింది, ఎండల గురించి కాసేపు మాట్లాడింది, మళ్లీ చూసింది. అదే వంద. అదే నలభై.

తర్వాత బండి పక్కనున్న చిన్న తలుపు తెరిపించి బ్యాటరీ చూసింది. టెర్మినల్ మీద తెల్లటి పొడి. వేలితో తీసి నాలుకకు రాసుకుంది.

"మేడం!" అని నరేంద్రబాబు కెవ్వుమన్నాడు. "బ్యాటరీల మీద తెల్లగా పట్టేది విషం!"

"పాత బ్యాటరీల మీద పట్టేదయితే విషమే. లిథియం వాటికి అది పట్టదని పొద్దున కారులో నువ్వే చెప్పావు," అని ఆవిడ పక్కకు ఉమ్మింది. కింద నేల మీద తడి పురికొస ముక్కలు రెండు పడి ఉన్నాయి. వాటిని కొంగున ముడేసుకుంది.

"వనజాక్షీ, ఆ గదిలో ఏముంది?"

"పాత వలలక్కా. తాళంచెవి పోయిందంట. పోయిన వేసవిలో ఆయన ఎండ్రకాయలు పెంచిన గది. కరెంటు పోయి గాలి పంపులు ఆగి, తొట్లలో ఒక్కటి బతకలా. వీధంతా కంపు! ఇంకెప్పుడూ పీతల జోలికి పోనని నా తల మీద చెయ్యిపెట్టి ఒట్టేసినాడు."

*

సభకు బయలుదేరే ముందు ఆదిశేషమ్మ అందరినీ బండి దగ్గర నిలబెట్టింది.

"కడుపు నిండిందన్నవాడు ఇంకా వడ్డించమంటుంటే ఏమనుకోవాలి? నిండలేదనే గదా. ఈ బ్యాటరీ మధ్యాహ్నమంతా తిన్నది. పాత సెల్లులయితే నాలుగు ముద్దలకే నిండిపోయేవి. కాబట్టి హెబ్రోను మంచి సరుకే ఇచ్చాడు. ఎవరో దీన్ని రాత్రి ఖాళీ చేశారు, మీటరుకు కనపడకుండా."

"నేను చెప్పలా? మీటరు తెలిసినోడి పనే!" అన్నాడు ముత్యాలయ్య.

"కాదు. మీటరు తెలియనివాడి పని. పెంచలకృష్ణా, మీ పల్లెలో పడవ బ్యాటరీ నుంచి కరెంటు కావాలంటే ఎట్లా తీసుకుంటారు?"

"ఎట్లా ఏముండాది? రెండు క్లిప్పులు తీసుకోని రెండు టెర్మినల్స్‌కి పట్టిస్తాం."

"అదీ సంగతి. బండి సాకెట్లో పెట్టుకుని ఉంటే మొదటి రాత్రే దొరికిపోయేవాడు. అలవాటుకొద్దీ క్లిప్పు షంట్‌ని దాటకుండా సూటిగా టెర్మినల్‌కే పట్టించాడు. అంటే కాపలావాడు గేటు దగ్గర కూర్చుని ఉండగానే పెరట్లోంచి మూటలు పోయాయి. దొంగని కాపాడింది తెలివి కాదు, తెలియకపోవడం. చేతులకు ఉప్పునీళ్ల తడి ఉంది, అది టెర్మినల్ మీద ఎండి ఉప్పయింది. పురికొస దేనికో మీకే బాగా తెలుసు. పీతల డెక్కలు కట్టడానికి. కట్టేలోపు ఒకటి బొటనవేలు పట్టుకుంటుంది కూడా." ఆవిడ చెవి రేకుల గది వైపు పెట్టింది. "పాత వలలు బుడబుడమంటాయా ముత్యాలయ్యా?"

వనజాక్షి గది దగ్గరికి నడిచింది. రాయి తీసుకుని తాళం పగలగొట్టింది. లోపల తొట్ల నిండా నీళ్లు, నీళ్లలో గాలిబుడగలు, కాళ్లూ డెక్కలూ కట్టేసిన పీతలు. గోడకు ఇన్వర్టరు, దానికి వేలాడుతూ ఎరుపొకటి, నలుపొకటి, రెండు క్లిప్పులు.

"లైను కరెంటుని నమ్మలేక..." అన్నాడు ముత్యాలయ్య. "బండి ఇంటికాడున్న రాత్రిళ్లు దీని బ్యాటరీకి తగిలించినా. పగలు ఎండకి నిండతాది గదా అనుకున్నా. మీటరు కూడా నిండిందనే చూపించె."

"ఆ ముసలాయన చచ్చిబతికినప్పుడన్నా చెప్పకూడదా?" అంది వనజాక్షి.

"నీతో చెప్పేదానికంటే..." హెబ్రోను వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. "సభలో ఈ అబ్బయ్య మీద చెప్పేది సులువనిపించింది మే."

ఇంత నిజాయితీ గల జవాబు తన వృత్తిలో అరుదని ఆదిశేషమ్మ తర్వాత నరేంద్రబాబుతో అంది.

"మేడం, మీరే చెప్పండి సభలో," అని ముత్యాలయ్య బతిమాలాడు. "ఎలకలు వైరు కొరికినాయని..."

"నా పని కనిపెట్టడం వరకే."

"పద," అంది వనజాక్షి. "నీ నోటితోనే చెప్దువు."

సరుగుడు తోపు పక్కన ఇసుకలో ఊరంతా కూర్చుని ఉంది. కట్టుబాటు వేయించుకోవలసినవాడు సభలో కూర్చోకూడదు కాబట్టి హెబ్రోను దూరంగా, ఒడ్డుకు లాగిన పడవ దగ్గర నిలబడ్డాడు. ముత్యాలయ్య లేచి, భుజం మీది తువ్వాలు తీసి, నేల చూస్తూ చెప్పాడు. బ్యాటరీ తప్పు లేదని, హెబ్రోను తప్పు లేదని, తప్పంతా తనదేనని.

"వినపళ్లా! గట్టిగా చెప్పు!" అని వెనక వరసవాళ్లు అరిచారు.

ఆయన మళ్లీ చెప్పాడు. అలల హోరులో ఆడవాళ్లకు అందలేదన్నారు. మూడోసారి చెప్పాడు.

పడవ దగ్గరున్న హెబ్రోనుకు మాత్రం మొదటిసారే వినపడింది.