తీసివేత బల్ల మీద మూడు వందల పన్నెండు ఉదయాలు

ఉదయం పదీ ఇరవై. సన్నటి వాన. గాలి లేదు.

గది మధ్యలో గాజు బల్ల. బల్ల మీద మా ఊరు. రోడ్లు, కూడళ్ళు, సిగ్నళ్ళు, వేలెడంత బస్సులు. కంచరపాలెం మెట్ట దిగుతూ ఒక పసుపు చుక్క. ఆ చుక్క మా చిన్నమ్మాయి నీలిమ. రెండేళ్ళ కిందటి నీలిమ, సైకిల్ మీద స్కూలుకి వెళ్తోంది. ఎడమవైపు నుంచి ఇంకో చుక్క వస్తోంది, ఎర్రది. బ్రేకులు పోయిన నీళ్ళ ట్యాంకర్.

"ఇప్పుడు సిగ్నల్ తీసేస్తున్నాను," అన్నారు డాక్టర్ మెహరున్నీసా.

నేను బల్ల అంచు పట్టుకున్నాను. పక్కనే మా అత్త సన్యాసమ్మ. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"గౌరీశ్వరిగారూ, ఇది ఎప్పుడో అయిపోయిన రోజండీ. మీ అమ్మాయి బాగానే ఉంది కదా," అన్నారు డాక్టరు.

"స్కూల్లో ఉంది," అన్నాను. చెయ్యి మాత్రం తియ్యలేదు.

ఈ బల్ల సంగతి కొంచెం చెప్పాలి. ఇప్పుడు ఊళ్ళో ప్రతి సిగ్నలూ, బస్సూ, లిఫ్టూ, తలుపు తాళమూ, ఆఖరికి నీళ్ళ ఫిల్టరూ తను ఏ క్షణాన ఏం చేసిందో రాసిపెట్టుకుంటోంది. ఆ రాతలన్నీ పోగేస్తే గడిచిపోయిన రోజుని మళ్ళీ నడిపించొచ్చు. అందులోంచి ఒక్క సంగతి తీసేసి, అది లేకపోతే ఆ రోజు ఎలా నడిచేదో కూడా చూడొచ్చు. ఉప్పు వెయ్యకుండా అదే కూర మళ్ళీ వండి రుచి చూసినట్టు. దానికి పొడుగాటి పేరేదో ఉంది. జనం తీసివేత బల్ల అంటారు. బీమా తగాదాలు తేల్చే ఆఫీసులో పెట్టారు. నడిపేది డాక్టర్ మెహరున్నీసా.

మా తగాదా క్రెడిట్ కార్డుది. ఆరేళ్ళ కిందట ఫ్రిజ్ కోసం తీసుకున్నాను. నెలనెలా బిల్లు అడుగున ఒక చిన్న వరస ఉండేది. చెల్లింపు రక్షణ, మూడు వందల ఎనభై తొమ్మిది. ఏదో పన్ను అనుకున్నాను. అది బీమా అని మా పెద్దమ్మాయి హిమజ చూసి చెప్పింది. మాకు జబ్బు చేసినా, పని పోయినా కార్డు బాకీ వాళ్ళే కడతారట. ఆ బీమా కావాలా అని నన్నెవరూ అడగలేదు. అడక్కుండా అంటగట్టినదాన్ని రద్దు చేసుకోవచ్చు, కట్టిందంతా వెనక్కి అడగొచ్చు. చట్టం ఉంది. అడిగాను.

జవాబు వచ్చింది. పాలసీని మీరు ఏడుసార్లు వాడుకున్నారు, కాబట్టి డబ్బు రాదు.

మేం ఏం వాడుకున్నాం? అదీ తర్వాత తెలిసింది. బాకీ కట్టడం కన్నా మనిషికి దెబ్బ తగలకుండా చూడటం చవక అని ఆ కంపెనీ కనిపెట్టింది. ఇంట్లోవాళ్ళ ఫోన్లలో, పిల్లల వాచీల్లో ఒక సాఫ్ట్‌వేర్ పెట్టింది. దాని పేరు హోల్డ్. ముందు ప్రమాదం ఉందనిపిస్తే అది సిగ్నళ్ళతో, లిఫ్టులతో మాట్లాడి మనల్ని కొన్ని సెకన్లు ఆపుతుంది. మనకి తెలీదు. వెధవ సిగ్నల్ అని తిట్టుకుంటాం. అలా మమ్మల్ని ఏడుసార్లు కాపాడామని రాశారు. ఏడు తారీఖులు. మొదటిదే నీలిమది.

రద్దు కాగితం నా ముందుంది. సంతకం పెట్టాలి. డబ్బు రాదేమోనన్న బెంగ అప్పటికే పోయింది. ఈ ఏడూ నిజమైతే? సంతకం పెట్టాక ఎనిమిదోది వస్తే?

బల్ల మీద ట్యాంకర్ కూడలి దాటింది. పోయింది.

పసుపు చుక్క ఇంకా మెట్ట మీదే ఉంది.

"ఇంకోసారి వెయ్యండి మేడం," అన్నాడు కంపెనీ తరఫున వచ్చిన కిరీటి. ముప్పై ఏళ్ళుంటాయి. మర్యాదస్తుడు. మా అత్తకి కుర్చీ లాగి వేసింది అతనే.

మళ్ళీ వేశారు. మళ్ళీ అంతే.

"సిగ్నల్ ఉన్నా లేకపోయినా ఒకటే," అన్నారు డాక్టరు. "ఆ అమ్మాయి ఆ రోజు తొంభై సెకన్లు ఆలస్యంగా బయల్దేరింది. చూడండి, ఎనిమిదీ పదకొండుకి తలుపు తెరుచుకుంది. వెంటనే మూసుకుంది. ఫిల్టర్ ఒక గ్లాసు నీళ్ళు పోసింది. ఎనిమిదీ పన్నెండున్నరకి మళ్ళీ తలుపు. ఇంట్లో ఏమైందండీ?"

నాకు గుర్తులేదు.

"ఏటవుద్ది?" అంది మా అత్త. "నాను తుమ్మీసుంటాను."

కిరీటి తలెత్తాడు. "తుమ్మితే?"

"తుమ్మితే ఎవులైనా ఎల్తారేటి? ఎనక్కి రావాల. కూకోవాల. గ్లాసుడు నీల్లు తాగాల. అప్పుడెల్లాల. మీ ఇంట్లో సెప్పలేదేటి బాబూ?"

"మా ఇంట్లో ఎవరూ తుమ్మరండీ మామ్మగారూ."

"ఓలమ్మ! అదేం ఇల్లు!"

డాక్టరుగారు మొహం పక్కకి తిప్పుకున్నారు. భుజాలు కదిలాయి.

మా అత్తకి ముక్కుపొడుం అలవాటు. పొద్దున్న చిటికెడు పీలుస్తుంది. తుమ్ము వస్తే వస్తుంది, లేకపోతే లేదు. వచ్చిన రోజు గుమ్మంలో ఉన్నవాళ్ళు వెనక్కి రావలసిందే. బస్సు పోతుందని హిమజ గోల పెడుతుంది. గోల పెడుతూనే నీళ్ళు తాగుతుంది.

మిగతా ఆరూ వేశారు. నాలుగింట్లో అదే వరస. తలుపు, నీళ్ళు, తలుపు. రెండింట్లో హోల్డ్ తీసేసినా ఏమీ కాలేదు. ఒకదాంట్లో రోడ్డుకి అడ్డంగా కుక్క, అంతే.

"మీ హోల్డ్ నీలిమ రోజూ వచ్చే టైముకి సిగ్నల్ ఆపింది," అన్నారు డాక్టరు. "ఆ టైముకి పిల్ల ఇంట్లో నీళ్ళు తాగుతోంది. మీరు ఖాళీ రోడ్డుని ఆపారు కిరీటిగారూ."

"మామ్మగారు తుమ్మకపోతే మా హోల్డే ఆపేది కదా మేడం."

"ఆపేదేమో. ఆపలేదు. చెయ్యని పనికి డబ్బు తీసుకోకూడదు."

నేను అడక్కూడనిది అడిగాను. "హోల్డూ, తుమ్మూ రెండూ తీసేస్తే?"

డాక్టరు నా వైపు చూశారు. తర్వాత రెండూ తీసేశారు. పసుపు చుక్క మెట్ట దిగింది. కూడలిలోకి వచ్చింది. ఎర్ర చుక్కా వచ్చింది. రెండూ కలవబోతుండగా ఆవిడ బల్ల ఆర్పేశారు.

అత్త రద్దు కాగితం నా ముందుకి జరిపింది.

"పెట్టియ్యే సంతకం," అంది మా అత్త. "నానున్నాను కదా."

పెట్టాను.

అక్కడితో లేచి వచ్చేస్తే బాగుండేది. మా అత్తకి హుషారొచ్చింది. డెబ్భై ఒకటో ఏట ఆవిడ గురించి ఎవరో యంత్రం పెట్టి చూడటం అదే మొదలు. "డాట్రమ్మా, నాను తుమ్మినవన్నీ ఒక్కపాలి ఏసి సూపియ్యి," అంది.

"అన్నీ ఎందుకు పెద్దమ్మా?"

"సూద్దును. నా తుమ్ములే కదా."

అడిగే హక్కు మాకుందట. డాక్టరు మీటలు నొక్కారు. తలుపు తెరుచుకుని, నీళ్ళు పోసి, మళ్ళీ తలుపు తెరుచుకున్న ఉదయాలు. ఆరేళ్ళలో మూడు వందల పన్నెండు. ఒక్కొక్క ఉదయం లోంచీ తుమ్ము తీసేసి నడిపింది బల్ల. పదిహేను నిమిషాలు పట్టింది. ఈలోగా కిరీటి మాకు టీ తెప్పించాడు.

బల్ల నిండా గింజల్లాంటి చుక్కలు. మూడు వందల మూడు తెల్లవి. తుమ్మినా తుమ్మకపోయినా ఒకటే. ఐదు పచ్చవి, తుమ్ము కాపాడిన రోజులు.

నాలుగు ఎర్రవి.

"ఎర్రవేటి?"

"వద్దు లెండి పెద్దమ్మా."

"సెప్పమ్మా."

డాక్టరు మెల్లగా చెప్పారు. "ఆ నాలుగు రోజులూ మీరు తుమ్మకపోతే వీళ్ళు ప్రమాదం దగ్గరికి పోయేవాళ్ళు కాదు. ఒకటిన్నర నిమిషం ముందే దాటిపోయేవాళ్ళు."

ఒకటి మా ఆయనది. ఆయన హార్బర్‌లో క్రేన్ యార్డు మేస్త్రీ. కిందటేడు భుజం చెక్కుకుపోయి వచ్చాడు. చెప్పు ఊడి జారి పడ్డాను అన్నాడు. బల్ల మీద చూశాం. క్రేన్ తాడు తెగింది. ఆయన నడుస్తున్న చోటే పడింది. ఆ క్షణంలో చెప్పు ఊడితే రెండడుగులు వెనక్కి వచ్చాడు. అంతే.

"మరి ఆ రోజు ఏది కాపాడింది? మీదా?" అని కిరీటిని అడిగాను.

అతను తల అడ్డంగా ఊపాడు. "మా దగ్గర లేదమ్మా ఆ రోజు."

మా అత్త బల్ల మీద ఆ ఎర్ర చుక్కని వేలితో తుడవబోయింది. గాజు. అది పోలేదు.

బస్సులో ఇంటికి వస్తూ ఒక్కటే మాట అంది. "నా కొడుకునే తోసీసాను."

"అత్తా, ఐదుసార్లు ఆపావు."

"నాలుగుసార్లు తోసాను."

ఇంటికి రాగానే పొడుం డబ్బా అటక మీదకి విసిరేసింది.

తొమ్మిదో రోజు డబ్బు పడింది. ఇరవై ఎనిమిది వేల ఎనిమిది. వడ్డీ వేరే. కార్డులో ఆ వరస పోయింది. మా ఫోన్లలో హోల్డ్ పోయింది. నీలిమ వాచీలోనూ పోయింది. ఆ తర్వాతి సోమవారం నీలిమకి మూడు సిగ్నళ్ళూ పచ్చగా దొరికాయట. స్కూలుకి నాలుగు నిమిషాలు ముందే వెళ్ళానని మురిసిపోతూ చెప్పింది. నాకు అన్నం సయించలేదు.

నెల తిరక్కుండా కిరీటి ఫోన్ చేశాడు.

"కొత్త పాలసీ తెస్తున్నామమ్మా. గుమ్మానికి చిన్న స్పీకర్ పెడతాం. అవసరమైన రోజు అది తుమ్ముతుంది. సిగ్నల్ ఆపితే జనం తిడుతున్నారు. తుమ్మితే వాళ్ళంతట వాళ్ళే ఆగుతారు. మామ్మగారి తుమ్ము రికార్డు చేసుకోవచ్చా? ఊరికే కాదు, డబ్బిస్తాం."

ఫోన్ అత్తకిచ్చాను. అంతా విన్నది.

"ఆ నాలుగూ కూడా అమ్ముతావేటి బాబూ?" అంది. ఫోన్ నాకిచ్చేసింది.

వాళ్ళకి ఇంకెవరిదో తుమ్ము దొరికింది. శ్రావణం వచ్చేసరికి మా వీధిలో తొమ్మిది గుమ్మాలకి ఆ స్పీకర్లు. ఎనిమిదింటికి ఒకదాని వెనక ఒకటి తుమ్ములు. పిల్లలు బ్యాగులతో సహా వెనక్కి పోవడం, నీళ్ళు తాగడం. ఆటో అప్పన్న హారన్ కొట్టి కొట్టి విసుగెత్తి, "ఈ వీధి మొత్తానికి జలుబు చేసిందేటి!" అని అరిచేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను ఒకసారి.

మా గుమ్మం మాత్రం చప్పుడు లేకుండా ఉండేది. పిల్లలూ మా ఆయనా బయల్దేరే వేళకి అత్త వెనక వసారాలోకి పోయి, ముక్కు మీద కొంగు నొక్కుకుని కూర్చునేది. పొడుం మానేసినా భయమే. నాకూ అదే జబ్బు పట్టుకుంది. జాగ్రత్త అని ఒక మాట అంటే రెండు సెకన్లు. చున్నీ సరిచేస్తే మూడు. అవి ఎటు తోస్తాయో నాకేం తెలుసు? ఏమీ అనకుండా, తలుపు పట్టుకుని నిలబడేదాన్ని.

మొన్న గురువారం వాన పట్టింది. హిమజ గొడుగు మర్చిపోయి మెట్లు దిగింది. పిలవబోయాను. పిలిస్తే వెనక్కి వస్తుంది. ఇరవై సెకన్లు.

పిలవలేదు. తడుస్తుంది, అంతేగా అనుకున్నాను.

సాయంత్రానికీ వాన తగ్గలేదు. ఐదూ పదికి నీలిమ వచ్చింది. ఆరుకి మా ఆయన వచ్చాడు. ఆరున్నరకి హిమజ, తోటి ల్యాబ్ టెక్నీషియన్ స్కూటర్ మీద, పొడిగా, వాళ్ళ రెయిన్‌కోటు తొడుక్కుని. ముగ్గురూ వచ్చారు, లెక్క సరిపోయిందని స్టవ్ వెలిగించాను.

"నానమ్మేది?" అంది హిమజ.

వసారాలో లేదు. గొడుగూ లేదు.

అప్పుడు తట్టింది. మనవరాలికి గొడుగివ్వడానికి బస్‌స్టాప్‌కి వెళ్ళింది. ఎవరికీ చెప్పలేదు. కంచరపాలెం మెట్ట దిగాలి, కూడలి దాటాలి. వానలో, ఆ మసక కళ్ళతో. కార్డు పాలసీలో ఆవిడ ఏనాడూ లేదు. అందులో ఉన్నది సంపాదించే మనుషులూ, చదువుకునే పిల్లలూ, అంతే. ఆవిడ కోసం ఒక్క సిగ్నల్ ఒక్క సెకను ఆగలేదు. ఆవిడ గుమ్మం దాటుతుంటే మా ఇంట్లో ఎవరూ తుమ్మలేదు. ఆగమని ఎవరూ అనలేదు.

మా ఆయన చెప్పులేసుకున్నాడు. నేను ఒక్క మాట అనలేకపోయాను. ఆయన మెట్లు దిగుతుంటే చూస్తూ నిలబడ్డాను.

ఏడుంబావుకి వాళ్ళిద్దరూ మలుపు తిరిగారు. అత్త నిలువునా తడిసి ఉంది. గొడుగు మడిచి చంకలో పెట్టుకుంది. పిల్లకి పొడిగా ఇవ్వాలని విప్పలేదట.

"గుంట ఒచ్చీసిందేటే?" అంది గుమ్మంలోంచే.

"వచ్చేసిందత్తా."

"మరి నువ్వెందుకే ఏడుస్తన్నావు?"

తువ్వాలు తెచ్చి ఆవిడ తల తుడిచాను. తుడుస్తూ మనసులో మొదట్నించీ మళ్ళీ లెక్కపెట్టుకున్నాను. నీలిమ. హిమజ. మా ఆయన. అత్త.

నలుగురు.